తాడు పొడవు, గాలి వేగం: టికెట్ మీద రాయని పారాసెయిలింగ్ లెక్కలు

గంటకు 32 కిలోమీటర్లు. పారాసెయిలింగ్ బోటు ఎక్కేముందు ఏదో ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలనుకునేవాళ్లు దీన్ని గుర్తుంచుకోండి. ఈ సరదా బాగా నడిచే అమెరికాలోని ఫ్లోరిడాలో 2014 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, నిలకడగా వీచే గాలి ఈ వేగం దాటితే మనిషిని పైకి లేపకూడదు. విసురు గాలి 40 కిలోమీటర్లు దాటినా లేపకూడదు. 11 కిలోమీటర్ల లోపు ఉరుములు మెరుపులు ఉన్నా, వాన వల్లో మంచు వల్లో 800 మీటర్ల అవతల ఏమీ కనిపించకపోయినా బోటు ఒడ్డునే ఉండాలి.

ఈ అంకెల్ని మన శ్రీకాకుళం జిల్లా తీరం అంకెల పక్కన పెట్టి చూద్దాం. వాయుగుండం పట్టినప్పుడు వాతావరణ శాఖ మత్స్యకారులకు చేసే హెచ్చరికలో తరచూ వినిపించే వేగం గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, ఒక్కోసారి 65. అంటే వేట ఆగే గాలి రాకముందే, చాలా ముందే, పారాసెయిలింగ్ ఆగిపోవాలి. "తెప్పలు దిగుతున్నాయి కదా, మనకేం భయం" అన్న ధైర్యం ఇక్కడ చెల్లదు. గాలి నిదానంగా ఉందో లేదో మబ్బు చూసి చెప్పగలిగే ఇక్కడి ఉద్దానం మనిషి కూడా గోవా వెళ్లాక బోటువాడి మాట మీదే ఆధారపడిపోతాడు. అలా ఆధారపడనక్కర్లేదనే ఈ కథనం.

మన దగ్గర బారువలోగానీ, అక్కుపల్లి శివసాగర్ బీచ్‌లోగానీ, భావనపాడులోగానీ ఏడాది పొడవునా నడిచే పారాసెయిలింగ్ బోటు లేదు. జలక్రీడలు కావాలంటే పలాస నుంచి సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణం చేసి విశాఖ రుషికొండకు వెళ్లాలి. కాబట్టి పలాస, టెక్కలి కుటుంబాలకు ఈ ముచ్చట తీరేది ఎక్కువగా సెలవు యాత్రల్లోనే. గోవాలో కలంగూట్, బాగా బీచ్‌లు, థాయిలాండ్‌లో పట్టాయా, ఫుకెట్, బాలిలో తంజుంగ్ బెనోవా. ప్యాకేజీలో "వాటర్ స్పోర్ట్స్ కలిపి" అని రాసి ఉంటే అందులో ఇది దాదాపుగా ఉంటుంది.

పద్ధతి సులువే. 1961లో పియెర్ లెమోయిన్ అనే ఫ్రెంచివాడు, లాగితే పైకి లేచేలా పారాచూట్‌కు చీలికలు పెట్టి కొత్త రూపం ఇచ్చాడు. దాని తాడును ఇప్పుడు బోటు వెనక అమర్చిన వించ్‌కు చుడతారు. బోటు గాలికి ఎదురుగా కదులుతుంది, వించ్ తాడు వదులుతుంది, మీరు బోటు వెనక వేదిక మీంచే లేస్తారు. దిగేటప్పుడు వించ్ తాడును చుట్టుకుంటూ మళ్లీ ఆ వేదిక మీదికే దింపుతుంది. పరుగెత్తాల్సిన పని లేదు, ఈత రావాల్సిన పనీ లేదు. ఫుకెట్, బాలిలాంటి చోట్ల మాత్రం ఇసుక మీంచే ఎగరేసే పద్ధతి కూడా ఉంది. అక్కడ నాలుగడుగులు పరుగెత్తాలి, దిగేటప్పుడు కాళ్లు ఇసుకకు ఆనించాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ రెండో పద్ధతి వద్దు.

ఇక ఎత్తు. "300 అడుగులు" అని బోర్డు మీద ఉంటే అది చాలాసార్లు తాడు పొడవే, మీరు లేచే ఎత్తు కాదు. తాడు నిట్టనిలువుగా నిలబడదు, నీటికి సుమారు 40 డిగ్రీల వాలులో ఉంటుంది. ఆ వాలులో 300 అడుగుల తాడు మిమ్మల్ని లేపేది 190 అడుగులకు కాస్త అటూఇటూ, అంటే 60 మీటర్లకు కొంచెం తక్కువ. బోర్డు మీది అంకెలో మూడింట రెండు వంతులు మీకు దక్కుతాయని లెక్కేసుకోండి. అది తక్కువేమీ కాదు. ఒడ్డున నిలబడ్డ మనిషికి సముద్రం, ఆకాశం కలిసే గీత నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 60 మీటర్ల ఎత్తు నుంచి అదే గీత 27 కిలోమీటర్ల దాకా జరుగుతుంది. బారువ మీద ఆ ఎత్తులో ఉన్నామనుకుంటే మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు, వెనక కొబ్బరితోటలు, పడమట 1,501 మీటర్ల మహేంద్రగిరి ఒకే చూపులో పడతాయి. పైకి లేచిన నిమిషంలోనే ఇంజను చప్పుడు సన్నబడిపోతుంది. ఎత్తంటే భయపడేవాళ్లు చాలామంది అక్కడ కుదుటపడతారు. కాళ్ల కింద గోడలూ మెట్లూ లేకపోవడంతో లోతు కొలుచుకోవడానికి కంటికి ఆధారం దొరకదు.

సమయం సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. బయల్దేరిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా గంట, గంటన్నర పట్టొచ్చు. అందులో మీరు గాల్లో ఉండేది పెద్ద బోట్ల మీద సుమారు 10 నిమిషాలు, గోవా సీజన్ రద్దీలో మూడు నుంచి ఐదు నిమిషాలు. మిగతా అంతా మీ వంతు కోసం బోటులో కూర్చోవడమే. గోవాలో వెయ్యి, రెండు వేల రూపాయల మధ్య టికెట్ ఉంటుంది. దిగేటప్పుడు కాళ్లు నీళ్లలో ముంచడం, వీడియో తీయడం అంటూ పైన ఇంకొంత అడుగుతారు. నన్నడిగితే వీడియోకు డబ్బులు పెట్టొద్దు. గాల్లో ఉన్న మీ ముఖం అందులో ఎలాగూ కనిపించదు.

నిజంగా ఇబ్బంది పెట్టేది ఎత్తు కాదు, ఆ ఎదురుచూపే. ఇంజను ఆపుకుని కెరటాల మీద ఊగుతున్న బోటులో ముప్పావుగంట కూర్చుంటే కడుపులో తిప్పడం మొదలవుతుంది. పొద్దున్నే ఇడ్లీలాంటి తేలికైన తిండి తినండి. వాంతుల మాత్ర అలవాటున్నవాళ్లు బోటు ఎక్కాక కాదు, గంట ముందు వేసుకోవాలి. కూర్చున్నంతసేపూ దూరాన సముద్రం గీత మీద చూపు నిలపండి, ఫోన్ మీద కాదు.

గాలి లెక్కకు మళ్లీ వద్దాం, ఎందుకంటే ప్రమాదమంతా అక్కడే ఉంది. పారాచూట్ మీద గాలి వేసే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. బోటు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలిలోకి వెళ్తోంది, గాలి 10 ఉంది అనుకోండి. పారాచూట్‌కు తగిలేది 30. ఉన్నట్టుండి గాలి 25కి పెరిగితే తగిలేది 45. వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే, తాడు మీద లాగుడు మాత్రం రెండుంపావు రెట్లు. అప్పుడు బోటును నెమ్మది చేయాలి. బోటు పూర్తిగా ఆగినా లాగుడు తగ్గనంత గాలి ఉంటే వించ్ తాడును చుట్టలేదు, పారాచూటే బోటును ఒడ్డువైపు ఈడ్చుకుపోతుంది. గాలి చాలకపోతే నష్టం తక్కువ, మెల్లగా నీళ్లలోకి దిగుతారు, లైఫ్ జాకెట్ తేల్చుతుంది. గాలి ఎక్కువైతేనే కష్టం. ఇదే లెక్కన 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గాలి గంటకు 150 కిలోమీటర్లు అనుకుంటే, 30 కిలోమీటర్ల గాలికి అది 25 రెట్ల బలం. ఉద్దానం కొబ్బరిచెట్లకు ఆ వర్గం లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

రెండు ఘటనలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. 2021 నవంబరులో డయ్యూ నాగోవా బీచ్‌లో భార్యాభర్తలు పైన ఉండగా తాడు తెగింది. ఇద్దరూ సముద్రంలో పడ్డారు, లైఫ్ జాకెట్లు ఉన్నాయి, క్షేమంగా బయటపడ్డారు. 2013 జులై 1న ఫ్లోరిడా పనామా సిటీ బీచ్‌లో గాలి విసురుకు ఇలాగే తాడు తెగింది. అక్కడ గాలి ఒడ్డువైపు వీస్తోంది. ఇద్దరు అమ్మాయిలు అపార్ట్‌మెంట్ గోడకు కొట్టుకుని, కరెంటు తీగల మీదుగా పోయి పడ్డారు. తీవ్ర గాయాలతో బతికారు. రెండుచోట్లా తెగింది తాడే. తేడా తెచ్చింది గాలి ఎటు వీస్తోందన్నది, ఒడ్డు ఎంత దగ్గరగా ఉందన్నది. కాబట్టి చూడాల్సింది గాలి వేగం ఒక్కటే కాదు. జెండా ఒడ్డువైపు రెపరెపలాడుతుంటే బోటు మరింత లోపలికి వెళ్లి ఎగరేస్తుందా అని అడగండి. తీరాల్లో మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి ఒడ్డుకు గాలి పెరగడం మామూలే. అందుకే పొద్దుటి ట్రిప్పు మేలు.

తాడు కూడా చూడండి. వల తాడు ఎప్పుడు మార్చాలో చేత్తో తడిమి చెప్పే ఊళ్లు మనవి, ఆ చూపు ఇక్కడ పనికొస్తుంది. మొత్తం తాడు చూసే వీలుండదు. పారాచూట్ వైపు చివరి రెండు మూడు మీటర్లు చూస్తే చాలు, తెగడానికి ఎక్కువ అవకాశం ఉన్నది అక్కడే. పోగులు లేచి నూగులా కనిపిస్తోందా, ముడి దగ్గర మెరుస్తూ గట్టిపడిందా, ఉప్పు తెల్లగా పేరుకుందా? ముడి వేసిన తాడు ముడి దగ్గర తన బలంలో చెప్పుకోదగ్గ భాగం కోల్పోతుంది. అమెరికా రవాణా భద్రతా సంస్థ 2014లో పారాసెయిలింగ్ ప్రమాదాల మీద ఇచ్చిన నివేదికలో ఈ ముడి సంగతి ప్రత్యేకంగా ఎత్తిచూపింది. తర్వాత హార్నెస్. తొడల చుట్టూ వచ్చే రెండు పట్టీలు బిగిశాయా, భుజాల దగ్గర కొక్కేలకు తాళం పడిందా అన్నది బోటు కుర్రాడు చూసినా మీరూ ఒకసారి చేత్తో లాగి చూడండి. 2017 జులైలో ఫుకెట్ కాటా బీచ్‌లో 71 ఏళ్ల ఆస్ట్రేలియా పర్యాటకుడు తాడు తెగకుండానే, లేచిన కొద్దిసేపటికే హార్నెస్ నుంచి జారి పడి చనిపోయాడు.

బరువు చెప్పడానికి మొహమాటపడొద్దు. ఇద్దరు కలిసి ఎగిరేచోట మొత్తం 180 నుంచి 200 కిలోలు దాటకూడదంటారు. గాలి తక్కువున్న రోజు బరువైనవాళ్లు లేవరు. గాలి ఎక్కువున్న రోజు తేలికైన పిల్లలు సులువుగా దిగరు. రెండోదే ప్రమాదం. ఏడెనిమిదేళ్ల పిల్లవాణ్ణి ఒంటరిగా పంపుతామంటే ఆ మాట అన్న బోటు ఎక్కకండి.

గర్భిణులు, వెన్ను ఆపరేషన్ అయినవాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు మానుకోవాలన్నది ఎక్కడైనా చెబుతారు. ఉద్దానం కోసం ఇంకో మాట కలపాలి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయంటే ఇక్కడ ఆ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో వేరే చెప్పక్కర్లేదు. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా పెట్టించుకున్నవాళ్లు ఆ చేయి పట్టీ కింద నలగడాన్ని, దానితో గట్టిగా వేలాడటాన్ని ఒప్పుకోకూడదు. అంటే వాళ్లు ఎగరకపోవడమే మంచిది. జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగే టికెట్ కొనాలి. తిరిగొచ్చాక నడుం పట్టేసిందని మందులషాపులో నొప్పి మాత్ర కొని మింగే అలవాటు మాత్రం కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లెవరికీ వద్దు. సముద్రం మీది ఆ గంట వేడికి, నీళ్లు తాగకపోవడానికి తోడు ఆ మాత్ర చేసే చేటు ఎగిరినదానికంటే ఎక్కువ.

నడిపేవాళ్ల సంగతి. కేంద్ర పర్యాటక శాఖ కింద గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ ఉంది. బోటు నడిపేవాళ్లకూ లైఫ్‌గార్డులకూ శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తుంది. అడిగితే చూపించాలి. ప్రయాణ బీమాల్లో చాలావరకు సాహస క్రీడలను మినహాయిస్తాయి కాబట్టి ఆ పేజీ ఇంట్లోనే చదువుకోండి. గోవాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల జలక్రీడలు ఆపేస్తారు. ఆ నెలల్లో ఎవరైనా "మేం నడుపుతాం" అంటే వదిలేసి వచ్చేయండి.

బారువలో ఎందుకు లేదు అని కుర్రాళ్లు అడుగుతుంటారు. జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో ఇంత పొడవు తీరం మరే జిల్లాకూ లేదనేవారు. కానీ అది చాలావరకు తెరిచిన తీరం. వించ్ బోటుకు నీళ్లు నిలకడగా ఉన్న అఖాతమో, జెట్టీయో కావాలి. ఇక్కడ కెరటం ఒడ్డుకు దగ్గర్లోనే విరుగుతుంది. ఆ విరుగుళ్లు దాటి తెప్పను లోపలికి తోయడం వేటవాళ్లకే ఒళ్లు హూనమయ్యే పని, ఇక పిల్లా పెద్దలున్న పర్యాటకుల బోటు సంగతి చెప్పేదేముంది. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టుకు అలల అడ్డుగోడలు ఉంటాయిగానీ, సరుకు ఓడల దారిలో గొడుగు ఎగరేయనివ్వరు.

నీళ్లు అక్కర్లేని పారాసెయిలింగ్ ఒకటుంది, ఎన్‌సీసీలో చేరిన మన కుర్రాళ్లు కొందరికి అది తెలుసు. పెద్ద మైదానంలో జీపు వెనక తాడు కట్టి ఎగరేస్తారు. అక్కడ కిందపడేది నేల మీదే. గుండ్రటి పారాచూట్ సెకనుకు 5 మీటర్ల వేగంతో దిగిందనుకుంటే అది సుమారు 1.3 మీటర్ల గట్టు మీంచి దూకినంత. కాళ్లు దగ్గరపెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి దిగడం ముందే నేర్పుతారు. నేర్పకుండా ఎగరేసేచోట చీలమండలు విరుగుతాయి.

ఎప్పటికైనా ఉద్దానం తీరంలో బోటు పెట్టినా నెలలు చూసుకోవాల్సిందే. అక్టోబరు, నవంబరు తుపాన్లవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం, అప్పుడు కుర్రాళ్లు ఖాళీగా ఉంటారుగానీ వేసవి మధ్యాహ్నాల గాలి పనికిరాదు. వానాకాలం కూడా తీసేస్తే మిగిలేవి ముఖ్యంగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. కానీ జనవరి నుంచే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఇసుకకు వస్తాయి. ఒడ్డుకు వచ్చే ముందు అవి తీరానికి దగ్గర నీళ్లలోనే తిరుగుతుంటాయి, సరిగ్గా బోటు ప్రొపెల్లర్ తిరగాల్సిన చోట.