అమాయకులమా మనం? దళిత క్రైస్తవ జీవితంలో వివేచన

దళిత క్రైస్తవుల మీద రాసేవాళ్లు మెచ్చుకునేవాళ్లయినా, తిట్టేవాళ్లయినా ఒక మాట దగ్గర కలుస్తారు. అమాయకులు. మతమార్పిడిని వ్యతిరేకించేవాళ్లు, గోధుమపిండికీ పాలపొడికీ అమాయకుల్ని లొంగదీసుకున్నారంటారు. చర్చి పెద్దలేమో మావాళ్లది పసిపిల్లల విశ్వాసమని మురిసిపోతారు. 1936లో అమెరికన్ క్రైస్తవ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ గాంధీ, అంటరానివాళ్లలో కొందరి గ్రహణశక్తిని ఆవుతో పోల్చి, అంతకన్నా తక్కువన్నాడు. 'హరిజన్' పత్రికలో అచ్చయిన మాటే ఇది. తోలు పని, కూలి పని చేసేవాళ్లకు ఆలోచన ఉండదన్న కులభావనే ఈ అన్నిటికీ మూలం.

ఈ నింద అబద్ధమని చరిత్ర చెబుతుంది. ఇబ్బంది ఏమిటంటే, అదే అమాయకత్వాన్ని ఇవాళ మన ప్రసంగ వేదికల మీద నుంచి సుగుణంగా బోధిస్తున్నారు. ప్రశ్నిస్తే విశ్వాసం లేనట్టేనట!

యర్రగుంట్ల పేరయ్యను గుర్తు చేసుకోవాలి. ఒంగోలు ప్రాంతపు మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడు. రాజయోగ సంప్రదాయంలో సాధన చేసి గురువనిపించుకున్నవాడు. క్రైస్తవం అతని దగ్గరకు వచ్చిందనటం కంటే, ఉన్న మార్గాలు చూసి, చాలక, అతనే దాన్ని వెతుక్కుంటూ పోయాడనటం సబబు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత ఆ ప్రాంతపు మాదిగపల్లెల్లో క్రైస్తవం పాకిందంటే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉపన్యాసాల వల్ల కాదు, పేరయ్య లాంటివాళ్ల కాలినడక వల్ల. చుట్టాల ఇళ్లలో, చెప్పులు కుట్టే అరుగుల మీద రాత్రుళ్లు సాగిన వాదాల వల్ల.

ఇక అన్నం కోసం చేరారన్న మాట. 1876-78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని కల్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని సుమారు పదిహేను నెలలు అడిగినవాళ్లను అడిగినట్టే తిప్పి పంపాడు. సహాయం పంచటం ఆగిపోయిన తర్వాత, 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఏటిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కరువులో దొరికిన కూలి ప్రభావం లేనేలేదని నేననను. ఆపదలో ఎవరు కూలి సరిగ్గా చేతిలో పెట్టారో, ఎవరు గాదెలకు తాళాలేశారో చూసి బేరీజు వేసుకోవటం కూడా వివేచనే. దాన్ని ప్రలోభం అనేవాళ్లు ఎన్నడూ ఆకలితో పడుకోనివాళ్లు.

అయితే మిషన్లు స్థిరపడేకొద్దీ ఒక మార్పు జరిగింది. నెక్కొండ స్టేషన్లో రైలెక్కి కేసముద్రం, మహబూబాబాద్ దాటిపోతే డోర్నకల్ వస్తుంది. 1912లో తిరునల్వేలి నాడార్ కుటుంబం నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య అక్కడ తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. ఆయన కాలంలో బాప్తిస్మం కోరిన మాల మాదిగలకు ముందు పాఠాలు చెప్పేవారు, ప్రార్థనలు కంఠతా పట్టించేవారు, చచ్చిన గొడ్డు మాంసం మాన్పించేవారు. క్రమశిక్షణ మంచిదే. కానీ పరీక్ష ఒకవైపే సాగింది. వినేవాళ్లను చెప్పేవాళ్లు పరీక్షించారు. పేరయ్య చేసింది దీనికి తిరగేసిన పని, వినేవాడే చెప్పేవాణ్ణి తూచాడు.

బైబిల్లో పరీక్ష ఎటువైపు ఉందో చూడండి. అపొస్తలుల కార్యాలు పదిహేడో అధ్యాయంలో బెరయ ఊరివాళ్లు పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాలతో రోజూ సరిచూసుకున్నారు. వాళ్లను అవిశ్వాసులనలేదు, ఘనులన్నారు. యోహాను మొదటి పత్రిక నాలుగో అధ్యాయం కూడా బోధకుల్ని పరీక్షించే పనిని సంఘానికే అప్పగిస్తుంది.

ఇప్పుడు మన ఊళ్లకొద్దాం. నెక్కొండ, నర్సంపేట చుట్టుపక్కల వాడల్లో రేకుల షెడ్లలో స్వతంత్ర సంఘాలు చాలా ఉన్నాయి. పెద్ద చర్చి గుమ్మంలో నిలబెట్టిన మనిషికి ఇక్కడ చాప మీద చోటు దొరుకుతుంది. తాగే మగణ్ణి మార్చుకోగలనన్న ధైర్యం ఆడవాళ్లకు వస్తుంది. కాబట్టి ఈ సంఘాల్ని ఎగతాళి చేసే చదువుకున్నవాళ్లతో నాకు పొత్తు లేదు. నా పేచీ మూడు విషయాల్లో.

మొదటిది రోగం. క్షయకు కనీసం ఆరు నెలలు మందులు మింగాలి. సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తారు. మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. సరిగ్గా అప్పుడే స్వస్థత సభకు పోయినవాళ్లు ప్రార్థన నూనెతో తగ్గిందనుకుంటారు. సాక్ష్యం చెప్పిస్తారు. సాక్ష్యం చెప్పాక మందులు మింగుతుంటే అవిశ్వాసమంటారు, ఇక బందు చేస్తారు. మిగిలిన క్రిములు మందుకు లొంగనివై తిరగబెడతాయి. ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. ప్రార్థన చేయటం తప్పు కాదు, మాత్ర మానిపించటం హత్యతో సమానం. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే కదా!

రెండోది దశమభాగం. కౌలుకు పత్తి వేసినవాడికి లక్ష రూపాయలు వచ్చాయనుకుందాం. కౌలు, విత్తనం, ఎరువు, వడ్డీ కలిసి ఎనభై వేలు పోతే మిగిలింది ఇరవై. లక్ష మీద పదో వంతు ఇమ్మంటే మిగిలినదాంట్లో సగం పోతుంది. నెల జీతగాడి లెక్కను రైతు మీద రుద్దటం ఇది. ఈ లెక్క పాస్టరుకు తెలియదా?

మూడోది సర్టిఫికెట్. దీని గురించి వేదిక మీద ఎవ్వరూ మాట్లాడరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు కానివాళ్లు షెడ్యూల్డు కులం కారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులకు బి.సి.-సి కింద ఉన్నది ఒక్క శాతం. మతాన్ని చూడకుండా ఎస్.సి. హోదా ఇమ్మని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. అమలు కాలేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవం ఆచరిస్తూ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవటం రాజ్యాంగాన్ని మోసగించటమేనంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును, అతను మతం మారాడన్న కారణంతో కొట్టేసింది. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు అతణ్ణి మాలవాడనో మాదిగవాడనో పిలవటం మానేసిందా? ఈ అన్యాయం మీద పోరాడాల్సిందే. కానీ ఇంటర్ చదివే పిల్లకు బాప్తిస్మం ఇచ్చే ముందు, నీ కాగితాలకు ఇదీ సంగతి, తెలిసి నిర్ణయించుకో అని చెప్పని పాస్టరు ఆమెను మోసం చేసినట్టే. సీటు పోయిన తర్వాత దేవుడు చూసుకుంటాడనటం ఏం ఓదార్పు? యూనివర్సిటీ దాకా మొదటిసారి వచ్చిన మాలాంటి ఇళ్లల్లో ఒక్క సీటు అంటే ఒక తరం.

ఇవన్నీ అడగటానికి థియాలజీ డిగ్రీ అక్కర్లేదు. మహిళా పొదుపు సంఘాల్లో ప్రతి రూపాయికీ పుస్తకం రాయించి, అందరి ముందు చదివించే ఆడవాళ్లే ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చుంటున్నారు. చర్చి లెక్కల పుస్తకం కూడా వాళ్ల ముందు పెట్టమనండి. దైవజనుణ్ణి అనుమానిస్తారా అని ఎవరైనా గద్దిస్తే కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయం విప్పి చూపించండి. యెరూషలేము పేదల కోసం పోగైన చందాను మోసుకుపోయేటప్పుడు, తన మీద ఎవరూ వేలెత్తి చూపకూడదని పౌలు సంఘాలే ఎన్నుకున్న మనిషిని వెంట పెట్టుకున్నాడు.