రాజ్యాంగం: అడిగి తెచ్చుకున్నది, అడిగినా రానిది

ఏప్రిల్ 14 వచ్చిందంటే పేటల్లో సభలు జరుగుతాయి. ఆ సభల్లో రాజ్యాంగం గురించి రెండు రకాల మాటలు వినపడతాయి. "రాజ్యాంగం బాబాసాహెబ్ రాసింది, అందులో లేనిదంటూ లేదు, సక్రమంగా అమలు జరిగితే చాలు" అనేది మొదటిది. "అది 1935 నాటి బ్రిటిష్ చట్టానికి నకలు, వున్నవాళ్లు రాయించుకున్న కాయితం, దానితో మనకేం పని?" అనేది రెండోది. మొదటి మాటలో అభిమానం వుంది, రెండో దాంట్లో కోపం వుంది. రెండింట్లోనూ ఎంతోకొంత నిజమూ వుంది. అయితే రెండూ రాజ్యాంగాన్ని తెరిచి చూడకుండానే అనగలిగిన మాటలు.

అందుకని మేము ఇక్కడ కొంచెం ఓపికగా వొక లెక్క చూడదలచుకున్నాం. రాజ్యాంగం ఎక్కడినుంచి వచ్చింది? దాని మూలసూత్రాలేమిటి? అది ఎట్లాంటి ప్రభుత్వాన్ని నిలబెట్టింది? ఇందులో దళితులు అడిగి తెచ్చుకున్నదెంత, అడిగినా రానిదెంత?

పుట్టుక

పాఠ్యపుస్తకాల్లో రాజ్యాంగం కథ 1946 డిసెంబర్ 9న, రాజ్యాంగసభ మొదటిసారి సమావేశమైన రోజున మొదలవుతుంది. మన లెక్క ప్రకారం అది అంతకు చాలా ముందే మొదలైంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో పంచములన్న పేరును కాదని ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్నారు. పేరు మార్చుకోవటం చిన్న విషయంగా కనపడవచ్చు. కానీ "మేము ఎవరమో మేమే చెప్తాం" అనటం రాజకీయ హక్కుకు తొలిమెట్టు. 1919లో ఓటుహక్కు మీద విచారణకొచ్చిన సౌత్‌బరో కమిటీ ముందు యువకుడైన అంబేద్కర్ అంటరానివాళ్లకు ఓటూ, సొంత ప్రతినిధులూ కావాలని సాక్ష్యమిచ్చాడు.

ప్రభుత్వ బావులూ చెరువులూ బళ్లూ అందరివీ అని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మద్రాసు శాసనమండలిలో 1924లో ఆర్. శ్రీనివాసన్ ఇట్లాంటి తీర్మానమే పెట్టాడు. కాయితం మీద చెరువు తెరుచుకుంది, నీళ్ల దగ్గర తెరుచుకోలేదు. అందుకే 1927 మార్చి 20న మహద్‌లో వేలమంది అంబేద్కర్ వెంట నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగవలసి వచ్చింది. తాగినందుకు దెబ్బలు కూడా తిన్నారు. అదే సంవత్సరం డిసెంబర్ 25న అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు. పాత శాసనాన్ని కాల్చినవాళ్లకు కొత్త శాసనం కావాలి గదా! ఆ కొత్త శాసనం ఎట్లా వుండాలన్న ఆలోచన మహద్ నుంచే మొదలైందని మా అభిప్రాయం.

ఆ తర్వాత రౌండ్ టేబుల్ సమావేశాలు. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించింది. గాంధీ ఎరవాడ జైలులో నిరాహారదీక్షకు దిగాడు. సెప్టెంబర్ 24న పూనా ఒడంబడిక కుదిరింది. ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, ఉమ్మడి నియోజకవర్గాల్లో 148 రిజర్వుడు సీట్లు వచ్చాయి. సీట్ల సంఖ్య పెరిగింది. కానీ ఆ సీట్లో ఎవరు కూర్చోవాలో తేల్చే అధికారం ఊరి చేతికి పోయింది. ఈ ముడి ఈనాటికీ విడలేదు. దీని దగ్గరికి మళ్లీ వద్దాం.

రాజ్యాంగసభ

రాజ్యాంగసభను ప్రజలందరూ ఓటేసి ఎన్నుకోలేదు. రాష్ట్రాల శాసనసభ్యులు ఎన్నుకున్నారు. ఆ శాసనసభ్యులకు ఓటేసిందేమో ఆస్తో, పన్నో, చదువో వున్నవాళ్లు. పాలేరుకూ, వెట్టివాడికీ అందులో పాలు లేదు. తెలంగాణ ప్రాంతం సంగతి ఇంకా విచిత్రం. 1948 సెప్టెంబర్ దాకా నిజాం సంస్థానం యూనియన్‌లో చేరలేదు. ఆ తర్వాత కూడా హైదరాబాదు నుంచి సభకు ప్రతినిధులు వెళ్లలేదు. 1949 నవంబర్‌లో నిజాం ఫర్మానా ద్వారానే ఈ రాజ్యాంగం అక్కడి ప్రజలకు వర్తించింది.

అంబేద్కర్ ఆ సభలోకి రావటమే కష్టమైంది. సొంత రాష్ట్రమైన బొంబాయి నుంచి దారి లేకపోతే జోగేంద్రనాథ్ మండల్, ఇతర నామశూద్ర నాయకుల సాయంతో బెంగాల్ నుంచి ఎన్నికయ్యాడు. దేశవిభజనతో ఆ సభ్యత్వం పోతే 1947 జులైలో కాంగ్రెసు మద్దతుతో బొంబాయి నుంచి మళ్లీ వచ్చాడు. ఆగస్టు 29న ఏడుగురి ముసాయిదా సంఘం ఏర్పడింది, దానికి ఆయన అధ్యక్షుడయ్యాడు. ఆ ఏడుగురిలో వొకరు రాజీనామా చేశారు, వొకరు చనిపోయారు, వొకరు అమెరికాలో వున్నారు, మరికొందరు వేరే పనుల్లోనో ఢిల్లీకి దూరంగానో వున్నారు, భారమంతా అంబేద్కర్ మీదే పడిందని 1948 నవంబర్ 5న సభలో చెప్పింది టి.టి. కృష్ణమాచారి. మొదటి చిత్తుప్రతి తయారుచేసిన బి.ఎన్. రావుకూ, ముసాయిదా రాసిన ఎస్.ఎన్. ముఖర్జీకీ రావలసిన పేరును అంబేద్కరే ఇచ్చాడు. కాబట్టి "ఆయనొక్కడే రాశాడు" అనటం అతిశయోక్తి, "ఆయన పాత్ర నామమాత్రం" అనటం అబద్ధం.

1935 చట్టం నకలు అన్న విమర్శకు కూడా ఆయన అప్పుడే జవాబు చెప్పాడు. పరిపాలనా వివరాలు అందులోంచి తీసుకున్నామని దాచకుండా ఒప్పుకున్నాడు. ఆ వివరాలన్నీ రాజ్యాంగంలో ఎందుకు? రాజ్యాంగాన్ని వొక్క అక్షరం మార్చకుండా, పరిపాలన తీరు మార్చి దాన్ని చంపేయవచ్చు. ప్రజాస్వామ్యం ఈ నేల మీద పైపైన చల్లిన మట్టి లాంటిది, వేళ్లు దిగలేదు. అందుకని అధికారుల దయకు ఏదీ వదలకూడదన్నది ఆయన వాదన. కరణం, మునసబు చేతుల్లో చట్టం ఏమవుతుందో ఎరిగిన కులం నుంచి వచ్చినవాడి వాదన అది.

మూలసూత్రాలు

మొదటిది, ఈ రాజ్యాంగానికి ప్రమాణం మనిషి, ఊరు కాదు. గ్రామాన్నీ, పంచాయతీనీ పునాదిగా పెట్టుకోవాలని సభలో చాలామంది పట్టుబట్టారు. 1948 నవంబర్ 4న ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేద్కర్, గ్రామమంటే సంకుచితత్వమూ అజ్ఞానమూ నిండిన గుంట అనీ, ముసాయిదా గ్రామాన్ని వదిలి వ్యక్తిని తీసుకున్నందుకు సంతోషమనీ చెప్పాడు. సభలో గొడవైంది. చివరికి పంచాయతీలు 40వ అధికరణంగా ఆదేశిక సూత్రాల్లోకి వచ్చాయి. ఊరికి వెలుపల ఇల్లున్నవాడికి ఈ చర్చలో ఎవరిది న్యాయమో విడమర్చి చెప్పనక్కరలేదు.

రెండోది, వొక మనిషికి వొక ఓటు. ఆస్తి, చదువు, ఆడ, మగ తేడా లేకుండా వయోజనులందరికీ 326వ అధికరణం ఓటిచ్చింది. కొద్దిమంది ఓట్లతో పుట్టిన సభ అందరికీ ఓటు రాసిపెట్టటం చిన్న విషయం కాదు. 1951-52 ఎన్నికల నాటికి 17 కోట్లకు పైగా ఓటర్లు జాబితాలకెక్కారు.

మూడోది, హక్కుతోపాటు దాన్ని రాబట్టుకునే దారి. 1946 డిసెంబర్‌లో నెహ్రూ పెట్టిన లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడుతూ, హక్కులు చెప్పారు గానీ పరిహార మార్గం చెప్పలేదని అంబేద్కర్ తప్పుపట్టాడు. ఆ లోటును తీర్చిందే 32వ అధికరణం. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టవచ్చు. దాన్ని రాజ్యాంగానికి ఆత్మగా, గుండెకాయగా ఆయన చెప్పటం అందుకే.

నాలుగోది, సమానత్వం రాజ్యానికే పరిమితం కాకపోవటం. 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానమంటుంది. 15(2) ఇంకో అడుగు వేసి దుకాణాలు, హోటళ్లు, వినోదశాలలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు ఎవరికీ అడ్డు పెట్టకూడదంటుంది. ఇది ప్రభుత్వానికే కాదు, సాటి పౌరుడికి కూడా పెట్టిన ఆంక్ష. రాజ్యాంగంలో బావులూ చెరువుల పేర్లెందుకు? మహద్ జరిగింది గనక. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వ అధికరణం వెట్టిని నిషేధించింది.

ప్రభుత్వ నిర్మాణం

అమెరికాలోలాగ అధ్యక్ష ప్రభుత్వం కాకుండా పార్లమెంటరీ పద్ధతిని ఎంచుకోవటానికి అంబేద్కర్ చెప్పిన కారణం వొక్కటే: జవాబుదారీతనం. అక్కడ ప్రభుత్వం ఎక్కువ స్థిరంగా వుంటుంది. ఇక్కడ మంత్రిమండలి ప్రశ్నలకూ, తీర్మానాలకూ, చర్చలకూ రోజూ జవాబు చెప్పాలి, అయిదేళ్లకోసారి ప్రజలకు చెప్పాలి. స్థిరత్వం కంటే జవాబుదారీతనమే మేలనుకున్నారు. రాష్ట్రపతి రాజ్యానికి అధిపతి, పాలించేది మాత్రం లోక్‌సభకు బాధ్యత వహించే మంత్రిమండలి. కేంద్రం, రాష్ట్రాల అధికారాలను మూడు జాబితాలుగా పంచారు. ఎన్నికల సంఘం, కంప్ట్రోలర్ ఆడిటర్ జనరల్, న్యాయస్థానాలు మంత్రుల చెప్పుచేతల్లో లేకుండా ఏర్పాటు చేశారు.

అడిగినా రానిది

ఇక రెండో వైపు. 1947 మార్చిలో అంబేద్కర్ షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ తరఫున "రాష్ట్రాలు - మైనారిటీలు" అనే పత్రం తయారుచేశాడు. దళితులు నిజంగా ఏం కోరుకున్నారో తెలియాలంటే రాజ్యాంగం పక్కన దాన్ని పెట్టి చదవాలి. కీలక పరిశ్రమలూ, బీమా రాజ్యం చేతుల్లో వుండాలి. భూమి రాజ్యానిదై, కులమత భేదం లేకుండా ఉమ్మడి సేద్యానికివ్వాలి. ఈ ఆర్థిక ఏర్పాటు మెజారిటీ మారినప్పుడల్లా మారకుండా రాజ్యాంగంలోనే వుండాలి. దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలూ, సవర్ణుల మీద ఆధారపడకుండా బతికేందుకు ప్రత్యేక గ్రామాలూ కావాలి. ఇవేవీ రాలేదు. భూమి, సంపద పంపకం 39వ అధికరణంలో ఆదేశిక సూత్రంగా మిగిలింది. దానికోసం కోర్టుకు వెళ్లలేం. ఆస్తిహక్కు మాత్రం 1978 దాకా ప్రాథమిక హక్కుగా వుంది. భూమి లేనివాడిది కోరిక, భూమి వున్నవాడిది హక్కు!

రెండో లోటు కులానిది. 1947 ఏప్రిల్ 29న బెంగాల్ సభ్యుడు ప్రమథ రంజన్ ఠాకూర్ సూటిగా అడిగాడు: కులాన్ని రద్దు చేయకుండా అంటరానితనాన్ని ఎట్లా రద్దు చేస్తారు? జబ్బు కులమైతే అంటరానితనం దాని లక్షణం గదా! ఆ ప్రశ్నకు సభ జవాబు చెప్పలేదు. 17వ అధికరణంలో కులం అన్న మాటే లేదు.

మూడోది, ఇందాక వదిలిన ముడి. 1947 ఆగస్టు 28న మద్రాసు సభ్యుడు ఎస్. నాగప్ప వొక సవరణ తెచ్చాడు. రిజర్వుడు సీటులో గెలిచే అభ్యర్థికి, దళితులు వేసిన ఓట్లలో కనీసం 35 శాతమైనా రావాలన్నది దాని సారాంశం. పటేల్ గట్టిగా వ్యతిరేకించాడు. నాగప్ప సవరణను ఉపసంహరించుకున్నాడు. పూనా ఒడంబడికలో వున్న ప్రాథమిక ఎన్నిక కూడా కొత్త రాజ్యాంగంలోకి రాలేదు. ఇవాళ లోక్‌సభలో 84 సీట్లు షెడ్యూల్డు కులాలవి. 104వ సవరణ ఆ గడువును 2030 దాకా పొడిగించింది. అయినా వాటిల్లో మన ఓటుతోనే తేలే సీటు ఎన్ని? రిజర్వుడు సభ్యుడు పేటలో దాడి జరిగినప్పుడు నోరు మెదపడేమని నిందిస్తుంటాం. ఆ మౌనంలో మనిషి పిరికితనం ఎంతో, నియమం తయారైన తీరు అంత.

చెరువు దగ్గర, సినిమా హాల్లో

15(2)లో చెరువు వుంది, వినోదశాల వుంది అనుకున్నాం. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. గొడవ మొదలైంది మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. అక్కడ గొడవ మొదలైంది సినిమా హాల్లో, కాలు తగిలిందని. రాజ్యాంగం వచ్చి 35, 40 ఏళ్లయినాక, అది పేరు పెట్టి మరీ చెప్పిన చోట్లే రక్తం కారింది.

అయితే ఇక్కడే ఇంకో సంగతి గమనించాలి. 17వ అధికరణం అమలుకోసం 1955లో వచ్చిన చట్టం బలహీనమైంది. కారంచేడు తర్వాత చీరాల శిబిరం నుంచి లేచిన దళిత మహాసభ ఉద్యమమూ, ఇతర రాష్ట్రాల పోరాటాలూ కలిసి వొత్తిడి చేస్తేనే 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అదే చట్టం కింద చుండూరు బాధితులు తమ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు సాధించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులంది. కేసు సుప్రీంకోర్టు మెట్లెక్కింది. గెలుపూ, వోటమీ రెండూ ఈ రాజ్యాంగం లోపలే జరిగాయి.

1953లో రాజ్యసభలో, ఈ రాజ్యాంగాన్ని తగలబెట్టే మొదటివాణ్ణి నేనే అని అంబేద్కర్ కోపంగా అన్నాడు. 1955లో ఆ మాటకు వివరణ అడిగితే, దేవుడి కోసం గుడి కట్టాం, దేవుడు చేరకముందే దయ్యాలు చేరాయి, ఏం చేయమంటారని అడిగాడు. 1949 నవంబర్ 25న ఆయన చేసిన హెచ్చరిక కూడా ఇదే దారిలోది. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి అడుగు పెడుతున్నాం, దీన్ని త్వరగా తొలగించకపోతే బాధపడేవాళ్లు ఈ ప్రజాస్వామ్యాన్నే పేల్చేస్తారు అన్నాడు.

కాబట్టి పేట సభల్లో వినపడే ఆ రెండు మాటలకూ మా జవాబు ఇది. రాజ్యాంగం మనకు ఎవరూ దానంగా ఇచ్చింది కాదు, మహద్ నుంచి మోసుకొచ్చిన డిమాండ్లలో కొన్ని అందులోకెక్కాయి. అది పూర్తయిన పత్రమూ కాదు, మిగతా డిమాండ్లు "రాష్ట్రాలు - మైనారిటీలు" పేజీల్లోనే వుండిపోయాయి. ఎక్కినవాటిని ఎవరైనా చెరపబోతే అడ్డుకోవాలి. ఎక్కనివాటిని మళ్లీ అడగాలి. ఈ రెండు పనులూ చేయాలంటే రాజ్యాంగం పుస్తకం పటం పక్కన పూలదండ కింద వుంటే సరిపోదు. పేటలో, హాస్టల్లో, బడిలో నలుగురు కూర్చుని 15వ అధికరణం దగ్గర మొదలుపెట్టి చదవాలి. మన ఊళ్లో చెరువు ఎవరిది, హోటల్లో గ్లాసు ఎవరిది, పొలం ఎవరిది అని పక్కనే రాసుకుంటూ చదవాలి.