హతసాక్షి యనగా నెవడు?



మతముకొరకు ప్రాణమిచ్చినవారి ప్రసక్తి వచ్చినప్పుడు మన గ్రామములలో రెండు విధములైన తీర్పులు వినబడును. కొందరు అది మహాత్యాగమని చేతులెత్తి మ్రొక్కుదురు. కొందరు అది మొండిపట్టు, బ్రతికియుండిన బలుసాకు తినవచ్చునని పెదవి విరుతురు. రెండు తీర్పులును తొందరపాటివే. క్రైస్తవులు ఇట్టి మరణమునకు పెట్టుకొనిన పేరును ముందుగా విచారించినచో, వారు అందు దేనిని గౌరవించిరో మనకు తేటపడును.

తెలుగు బైబిలునందు ప్రకటన గ్రంథములో హతసాక్షులు అను పదము కలదు. చంపబడిన సాక్షులని దాని యర్థము. గ్రీకు మూలమునందలి మాట ‘మార్తుస్’. దానికి మొదట చావుతో సంబంధమే లేదు. న్యాయస్థానమున నిలిచి తానెరిగినది చెప్పువాడు మార్తుస్. మన భాషలోని సాక్షి శబ్దమునకు సాక్షాత్తుగా చూచినవాడని పాణిని వ్యుత్పత్తి చూపెను. కావున హతసాక్షి యను సమాసమున ప్రధానమైనది సాక్షి; హతము దానికి విశేషణము మాత్రమే. చచ్చినందున అతడు సాక్షి కాలేదు. సాక్షిగా నిలిచినందున చంపబడెను. ఈ వరుస తారుమారైనచో విషయమంతయు తారుమారగును.

రచ్చకట్టమీద తగవులు తీర్చిన పెద్దలకు సాక్షుల స్వభావము నేను చెప్పనక్కరలేదు. లాభమునకు మాట చెప్పువాడొకడు, భయమునకు మాట మార్చువాడొకడు, నష్టమైనను మార్చనివాడొకడు. మూడవవానినే మీరు నమ్ముదురు. అయినను ఒక్క హెచ్చరిక. నష్టమునకు ఓర్చినందున వాడు కపటి కాడని తేలును గాని, వాడు చెప్పినదెల్ల సత్యమని తేలదు. ప్రాణత్యాగము నమ్మినవాని నిజాయితీకి గురుతు. నమ్మిన సిద్ధాంతమునకు రుజువు కాదు. ఏ మతమువారికైనను ఈ న్యాయమొక్కటే.

మన కోయిలకుంట్లకు ప్రాణత్యాగము క్రొత్త మాట కాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కుంఫిణీ ప్రభుత్వముపై తిరుగబడి, 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఈ యూరనే ఉరితీయబడెను. ఆయన శిరస్సును 1877 వరకు కోటకు వ్రేలాడగట్టి యుంచిరి. ఆయనను మన ప్రజలు వీరుడని పాడుకొందురు, అది యుక్తము. కాని వీరుడు వేరు, హతసాక్షి వేరు. వీరుడు ఆయుధము పట్టును. చంపుటకును చచ్చుటకును సిద్ధపడును. హతసాక్షి చచ్చుటకు మాత్రమే సిద్ధపడును. ఒకరిని పొగడుటకు రెండవవారిని తగ్గింపనక్కరలేదు. ఇద్దరిని ఒక్కటిగా కలిపివేయరాదు.

హతసాక్షి స్వభావమునకు మనకు చిరపరిచితుడైన ప్రహ్లాదుడు మంచి కొలబద్ద. ఏనుగులచే త్రొక్కించినను, పాములచే కరపించినను, నిప్పులలో త్రోయించినను అతడు తండ్రిపై చేయి యెత్తలేదు. తనంతట తాను చావును వెదకికొని పోలేదు. మాట మార్చలేదు. తండ్రి కూలిన పిదప ఆ తండ్రికి సద్గతి కలుగవలెనని వేడుకొనెను. క్రైస్తవులలో మొదటి హతసాక్షియైన స్తెఫను కూడ రాళ్లదెబ్బలకు కూలుచు, రువ్వినవారిపై ఆ పాపము మోపవలదని ప్రార్థించెనని అపొస్తలుల కార్యములలో నున్నది. చంపువానియందు ద్వేషము లేకుండుట ఇచ్చటి ముఖ్యలక్షణము.

ఇక చావును కోరుకొనుట విషయము. నేటి తుర్కీదేశములోని ఇజ్మీరు నగరమునకు పూర్వము స్ముర్నా యని పేరు. క్రీ.శ. 155 ప్రాంతమున అచ్చట పాలికార్పు అను వృద్ధుడు సంఘమునకు పెద్దగా నుండెను. తన్ను పట్టుకొనుటకు వెదకుచున్నారని తెలిసి, మిత్రుల మాట మన్నించి ఒక పల్లెయింటికి తరలిపోయెను. భటులు అచ్చటికిని వచ్చి చుట్టుముట్టగా, వారికి అన్నపానములు పెట్టించి, ప్రార్థనకు ఒక గంట వ్యవధి మాత్రము అడిగెను. అధికారి ఆయన ముసలితనమునకు జాలిపడి, చక్రవర్తిపేర ప్రమాణము చేసి క్రీస్తును దూషించిన విడిచెదననెను. ఎనుబదియారేండ్లు కొలిచిన ప్రభువును, తనకేనాడును కీడు చేయనివానిని, దూషింపజాలనని ఆయన బదులు చెప్పెను. చంపబడెను.

ఆ వృత్తాంతముననే క్వింతుసు అను మరియొకడు కానవచ్చును. అతడు ఎవరును పిలువకయే తానై ముందుకు వచ్చి నిలిచెను; మృగములను చూడగానే గుండె జారి, బలి అర్పించి వెనుకకు మరలెను. దానిని వ్రాసినవారు, తమంతట తామై మరణమునకు అప్పగించుకొనువారిని తాము మెచ్చుకొనమని స్పష్టముగా చెప్పిరి. చచ్చుటకు సిద్ధముగా నుండుట యొకటి, చావుకై ఉవ్విళ్లూరుట మరియొకటి.

భయపడినవారి గతి యేమి? క్రీ.శ. 250లో డెసియసు చక్రవర్తి, ప్రజలందరు దేవతలకు బలి అర్పించి అధికారులవద్ద పత్రము పొందవలెనని ఆజ్ఞాపించెను. అట్టి పత్రములు కొన్ని ఈజిప్టు ఇసుకలలో దొరకినవి. అనేకులు భయపడి లొంగిరి. కార్తేజి నగరపు సంఘాధ్యక్షుడు కిప్రియనుడు అప్పుడు మరుగున నుండి సంఘమును నడిపెను. ఉపద్రవము తగ్గిన పిదప, లొంగినవారిని శాశ్వతముగా వెలివేయక, ప్రాయశ్చిత్తము చేయించి చేర్చుకొనవచ్చునని 251లో సభకూడి నిర్ణయించిరి. ఆ కిప్రియనుడే 258లో పారిపోక నిలిచి శిరశ్ఛేదము పొందెను. నిలిచినవానిని గౌరవించుచునే జారినవానిని కనికరించుట, పెద్దరికము వహించినవారు గమనింపదగిన సంగతి.

ఇట్టి చరిత్ర మన దక్షిణదేశముననే జరిగినది కలదు. తిరువాంకూరు రాజ్యములో నట్టాలమను గ్రామమున 1712లో నీలకంఠపిళ్ల యనువాడు పుట్టెను. మార్తాండవర్మ మహారాజు కొలువులో ఉద్యోగియయ్యెను. 1741లో కొలచెలు యుద్ధమున పట్టుబడి పిదప ఆ రాజు సేనలోనే చేరిన డి లన్నాయ్ అనువానివలన క్రైస్తవమును గూర్చి వినెను. 1745లో వడక్కన్‌కుళమున జ్ఞానస్నానము పొంది దేవసహాయమను పేరు దాల్చెను. 1749లో నిర్బంధింపబడెను. దున్నపోతుమీద వెనుదిరిగి కూర్చుండబెట్టి ఊళ్లవెంట త్రిప్పిరనియు, పూర్వమతమునకు మరలిన విడుతుమనిరనియు, ఆయన ఒప్పుకొనలేదనియు క్రైస్తవ సంప్రదాయము చెప్పును. 1752 జనవరి 14వ తేదీన ఆరల్వాయిమొళి కొండలలో తుపాకులతో కాల్చి చంపిరి. నాగర్‌కోయిలులోని కోట్టారు దేవాలయమున ఆయన సమాధి కలదు. 2022 మే 15న పోపు ఫ్రాన్సిసు ఆయనను పునీతుడుగా ప్రకటించెను. ఆ శిక్షకు కారణము మతమా, రాజకార్యమా యని చరిత్రకారులలో వాదము కలదు. అదియు మనము తెలిసియుండవలెను.

ఈ కథలు విని మనము చేయవలసినదేమి? మన సీమలో చావునకు వెనుదీయనితనము ఏనాడును కొరతపడలేదు. కొరత వివేచనకే. కక్షలలో నరకి నరకబడినవానిని గూడ మన యువకులు ‘మాటకు నిలిచి చచ్చినాడు’ అని మెచ్చుకొనుట కలదు. అట్టివాని చావు వెనుక ద్వేషమున్నది, ప్రతీకారమున్నది, విధవలైన ఆడువారున్నారు. ఏ సత్యమునకు అతడు సాక్షి? తెగువ యొక్కటే చూచి మెచ్చవద్దని పిల్లలకు చెప్పవలసినవారు పెద్దలే.

రెండవది ఇంతకంటె దగ్గరిది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, ఇరువదియైదవ అధికరణమున, ప్రజాశాంతికిని నీతికిని ఆరోగ్యమునకును లోబడి, అంతరాత్మ స్వేచ్ఛను ఎల్లరకు ఇచ్చినది. ఒకనిని మతముపేర చంపు రాజులు నేడు మనకు లేరు. కాని ఒక యింటివాడు మతము మార్చుకొనినప్పుడో, మార్చుకొననని నిలిచినప్పుడో, బావిదగ్గర త్రోవ మూయుట, కూలిపనికి పిలువకుండుట, చావునకు మోయరాకుండుట మన చేతులలోని పనులు. మతము మార్చుకొనినవాడు తన పాతవారి దేవుళ్లను నిందించుట కూడ అట్టిదే. సాక్షి తాను నమ్మినది చెప్పును, ఎదుటివానిని దూషింపడు.

మన ఊరిలో ఒకడు మన మతము కానిదానిని నమ్మి, మనవలెనే నీరు తోడుకొని, మనవలెనే పొలము దున్నుకొని, ముదిసి తన మంచముమీద కన్నుమూసిన, అతడు హతసాక్షి కాడు. అతని పేర పండుగ జరుగదు. అతడు ఆ విధముగా బ్రతుకగలిగినాడన్న మంచిపేరు ఆ యూరి పెద్దలకు దక్కును. చంపబడిన సాక్షులను కీర్తించుటకంటె, సాక్షిని చంపనక్కరలేని యూరిని నిలుపుకొనుట కష్టమైన పని. అది మీవంటివారివలననే కావలెను.