ఎగిరే పళ్లాలు – వాటిని వెదకిన సంఘాలు

ఆకాశములో వింత వెలుగు కనిపించినప్పుడు చూచినవారు మొట్టమొదట అడిగే ప్రశ్న "అది ఏమిటి?" అనునది. శాస్త్రము మొట్టమొదట అడిగే ప్రశ్న వేరు. "అది ఏ దిక్కున, ఎంత ఎత్తున, సరిగా ఎన్ని గంటలకు కనిపించినది?" అని శాస్త్రము అడుగును. ఈ రెండు ప్రశ్నలకు గల భేదము చిన్నదిగా తోచవచ్చును. కాని అమెరికాలో 1950 తరువాత ఊరూర వెలసిన ఎగిరే పళ్లాల సంఘాల చరిత్రను చూచినచో ఆ భేదము ఎంత పెద్దదో తెలియగలదు.

ఈ పేరు ఎట్లు వచ్చినది?

1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అను వ్యాపారి తన చిన్న విమానములో వాషింగ్టన్ రాష్ట్రములోని రేనియర్ పర్వతము సమీపమున పోవుచు, తొమ్మిది మెరిసే వస్తువులు బారుగా సాగిపోవుట చూచారు. నీటిపై విసరిన పళ్లెము ఎగిరెగిరి పడునట్లు అవి కదలినవని ఆయన చెప్పారు. ఆయన పోల్చినది కదలికను మాత్రమే. పత్రికలు ఆ పోలికను ఆకారమునకు అంటగట్టి "ఎగిరే పళ్లాలు" అను పేరును దేశమంతట వ్యాపింపజేసినవి. అది మొదలు చూచినవారిలో చాలమందికి పళ్లెపు ఆకారమే కనిపించసాగినది!

ఆర్నాల్డ్ వాటి వేగమును లెక్కించుటకు కూడ ప్రయత్నించారు. రేనియర్ శిఖరము నుండి ఆడమ్స్ శిఖరము వరకు గల సుమారు 75 కిలోమీటర్లను అవి 102 సెకండ్లలో దాటినవని ఆయన గుర్తించారు. అనగా గంటకు 2,600 కిలోమీటర్లకు పైగా వేగమన్నమాట. సమతలముగా ఎగురుచు ధ్వనివేగమును దాటిన విమానము ఆనాటికి ఏదియు లేదు. అయితే ఈ లెక్క అంతయు ఒక ఊహపై నిలిచియున్నది. ఆ వస్తువులు పర్వతాల దగ్గరనే, అనగా తనకు 30, 40 కిలోమీటర్ల దూరమున ఉన్నవని ఆయన భావించారు. అవి అందులో పదవవంతు దూరముననే ఉన్నచో వేగము కూడ పదవవంతే అగును. అప్పుడది సామాన్యమైన విమానపు వేగమే.

కంటికి దూరము తెలియదు

ఇక్కడనే చిక్కు అంతయు ఉన్నది. దూరపు వస్తువును చూచినప్పుడు కన్ను గ్రహించునది దాని కోణము మాత్రమే. పూర్ణచంద్రుడు సుమారు అర డిగ్రీ కోణమును ఆక్రమించును. అంతే కోణములో కనిపించు వస్తువు 100 మీటర్ల దూరమున ఉన్నచో దాని వెడల్పు మీటరుకు లోపే. అది 10 కిలోమీటర్ల దూరమున ఉన్నచో దాని వెడల్పు దాదాపు 87 మీటర్లు. నేలమీద చెట్లు, ఇండ్లు పోలికకు ఉండుటచే మనము దూరమును అంచనా వేయగలము. ఖాళీ ఆకాశములో అట్టి ఆధారమేదియు లేదు. కనుక "అది ఇంటి అంత ఉన్నది", "గంటకు వేయి మైళ్ల వేగముతో పోయినది" అను మాటలు ఎంత నిజాయితీతో చెప్పినను కొలతలు కాజాలవు.

సంఘాలు పుట్టుట

1952 జనవరిలో విస్కాన్సిన్ రాష్ట్రములోని స్టర్జన్ బే అను చిన్న పట్టణములో కోరల్ లోరెంజెన్, జిమ్ లోరెంజెన్ దంపతులు ఆకాశ దృగ్విషయ పరిశోధనకు ఒక సంస్థను స్థాపించారు. అదే ఏట కనెక్టికట్ రాష్ట్రములోని బ్రిడ్జ్‌పోర్టులో ఆల్బర్ట్ బెండర్ స్థాపించిన అంతర్జాతీయ సంఘము రెండేండ్లు నిండకముందే మూతపడినది. 1956లో వాషింగ్టన్ నగరములో స్థాపింపబడి, 1957 నుండి డొనాల్డ్ కీహో నాయకత్వమున నడచిన జాతీయ సమితి వీటన్నిటిలో పేరుపొందినది.

ఈ సంఘాల పని ఇంచుమించు ఒకే తీరుగా ఉండేది. సభ్యులు పత్రికలలోని వార్తలను కత్తిరించి దాచేవారు. చూచినవారి వద్దకు పోయి వాఙ్మూలములు తీసుకొనేవారు. చిన్న పత్రికలను అచ్చువేసి చందాదారులకు పంపేవారు. ఇందులో ఓర్పు, శ్రమ కొరవడలేదు. పైన చెప్పిన జాతీయ సమితి 1964లో 700కు పైగా ఉదంతములను కూర్చి, గ్రంథముగా వెలువరించి, అమెరికా శాసనసభ్యులకు అందజేసినది.

అయితే అందరి త్రోవ ఒకటి కాదు. 1952 నవంబరులో కాలిఫోర్నియా ఎడారిలో శుక్రగ్రహవాసిని కలిసికొన్నానని జార్జ్ ఆడమ్‌స్కీ ప్రకటించారు. ఇట్టి కథలను ఆసక్తితో వినిన బృందములు అనేకము. పరిశోధన కోరిన సంఘాలు మాత్రము వారిని దూరముగా ఉంచినవి. ఈ వివాదమును తీర్చినది వాదము కాదు, కొలత. 1962 డిసెంబరులో శుక్రుని ప్రక్కగా పోయిన మారినర్-2 ఆ గ్రహము మిక్కిలి వేడిగలదని తెలిపినది. 1970లో దానిపై దిగిన వెనీరా-7 పంపిన వివరములను బట్టి అక్కడి ఉష్ణోగ్రత 450 డిగ్రీల సెంటీగ్రేడుకు పైననే. సీసము కరగు వేడిలో మనుష్యుని పోలిన ప్రాణి నివసించుట ఎట్లు?

ప్రభుత్వము కూడ ఊరకుండలేదు. అమెరికా వైమానికదళము 1969 వరకు నడపిన విచారణలలో 12,618 ఉదంతములు చేరినవి. వాటిలో 701 మాత్రము గుర్తింపబడనివిగా మిగిలినవి. గుర్తింపబడనిదనగా అన్యలోకము నుండి వచ్చినదని అర్థము కాదు. తెలిసిన వస్తువుతో గాని దృగ్విషయముతో గాని పోల్చి నిర్ణయించలేకపోయినదని మాత్రమే అర్థము. 1953 జనవరిలో సమావేశమైన రాబర్ట్‌సన్ సంఘము, ప్రజాభిప్రాయముపై ఇట్టి సంఘాల ప్రభావము ఉండగలదు గనుక వాటిపై ఒక కన్ను వేయవలెనని సూచించినది. ఆకాశమును చూచు పౌరులను అనుమానముతో చూచుటకంటె వారికి కొలుచుట నేర్పుట మేలుకదా! ఆ పని మరొకచోట జరిగినది.

కొలుచుట నేర్చిన మరికొందరు

కృత్రిమోపగ్రహములను ప్రయోగించుటకు ముందే, 1956లో, స్మిత్సోనియన్ ఖగోళ పరిశోధనాలయపు అధిపతి ఫ్రెడ్ విపిల్ ఔత్సాహికులతో పరిశీలక బృందములను ఏర్పరచుటకు పూనుకొన్నారు. దీనికి "మూన్‌వాచ్" అని పేరు. విద్యార్థులు, ఉపాధ్యాయులు, గృహిణులు ఇందులో చేరారు. వీరు ఎగిరే పళ్లాల సంఘాలలో చేరినవారివంటి సామాన్యులే. పద్ధతి మాత్రము వేరు.

చిన్న దుర్భిణులను ఉత్తర దక్షిణములుగా ఒకే వరుసలో ఉంచేవారు. ఒక్కొక్క దుర్భిణికి ఆకాశములో ఒక్కొక్క భాగము. ఒకదాని భాగము ప్రక్కదాని భాగముపై కొంత పడునట్లు అమర్చుటచే ఆకాశమునకు కంచె వేసినట్లగును. పడమటి నుండి తూర్పునకు పోవు ఉపగ్రహము ఎక్కడనో ఒకచోట ఆ కంచెను దాటవలసినదే. దాటిన క్షణమున పరిశీలకుడు కేక వేయును. రేడియో కాలసంకేతములతో సరిచూచి ఆ క్షణమును వ్రాసుకొందురు. కాలము, దిక్కు, ఎత్తు అను మూడు సంగతులు తెలిసినచో కక్ష్యను లెక్కించవచ్చును. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరిన నాటికి ఈ బృందములు సిద్ధముగా ఉన్నవి. ఉపగ్రహములను ఇంకను సూక్ష్మముగా అనుసరించు బేకర్–నన్ కెమెరాలలో ఒకటి మన దేశమున నైనిటాల్‌లో నెలకొల్పబడినది.

ఈ పథకమున విపిల్‌కు సహాయకుడుగా ఉన్న ఖగోళశాస్త్రజ్ఞుడు అలెన్ హైనెక్ 1948 నుండి వైమానికదళమునకు ఎగిరే పళ్లాల విషయమున సలహాదారు కూడ. ఒకే మనిషి ఇటు వాఙ్మూలములను, అటు కొలతలను పరిశీలించవలసివచ్చినది!

రెండు రాత్రులు

1962 సెప్టెంబరు 5 తెల్లవారుజామున స్పుత్నిక్-4 వాయుమండలములో మండిపోయినది. విస్కాన్సిన్ రాష్ట్రములోని మిల్వాకీ మూన్‌వాచ్ బృందము దానికై కనిపెట్టుకొని ఉండి, మండుచున్న ముక్కలను గమనించినది. అదే రాష్ట్రములోని మానిటొవాక్ పట్టణపు వీధిలో సుమారు 9 కిలోల లోహపు ముక్క నేలలో దిగబడి దొరకినది. పోలీసులు మొదట దానిని పనికిరాని లోహమనుకొన్నారు. ఆకాశములోని వెలుగునకు చేతికందు ఋజువు దొరకుట ఎంత అరుదు!

1968 మార్చి 3 రాత్రి మరొక సంఘటన జరిగినది. జాండ్-4ను ప్రయోగించిన రాకెట్ శకలములు అమెరికాలోని పలు రాష్ట్రాలపై మండుచు పోయినవి. చాలమంది వరుసగా పోవు వెలుగులను ఉన్నవి ఉన్నట్లే వర్ణించారు. కొందరు మాత్రము చుట్టవంటి పొడవైన వాహనమును, దాని ప్రక్కన వెలిగే కిటికీలను చూచామన్నారు. వారు అబద్ధమాడలేదు. విడివిడి వెలుగులను మనస్సు ఒకే వస్తువుగా కూర్చుకొన్నది. నడుమనున్న చీకటి వాహనపు దేహమైనది. కొలరాడో విశ్వవిద్యాలయములో ఎడ్వర్డ్ కాండన్ ఆధ్వర్యమున జరిగిన పరిశోధన ఈ ఉదంతమును 1969 నివేదికలో వివరించినది.

నేటికిని నిలచిన పాఠము

మూన్‌వాచ్ 1975లో ముగిసినది. పాత సంఘాలును క్రమముగా అంతరించినవి. సమస్య మాత్రము పోలేదు. 2019 నుండి బారులు తీరి పోవు స్టార్‌లింక్ ఉపగ్రహములను చూచి ఎందరో ఆశ్చర్యపడుచున్నారు. 2023 సెప్టెంబరులో నాసా నియమించిన స్వతంత్ర సంఘము కూడ ఇదే మాట చెప్పినది: ఇట్టి ఉదంతములకు అన్యలోకపు మూలమున్నట్లు ఋజువు లేదు, తేల్చుటకు కావలసిన మేలైన కొలతలు కొరవడుచున్నవి.

పాఠశాలలో ఈ అభ్యాసము సులభముగా చేయించవచ్చును. చేయి పూర్తిగా చాచి పట్టిన పిడికిలి సుమారు 10 డిగ్రీలు. సాయంకాలము పోవు ఉపగ్రహమును ఇద్దరు విద్యార్థులు వేర్వేరుగా గమనించి, గంట, నిమిషము, సెకండు, దిక్కు, దిగంతము నుండి ఎన్ని పిడికిళ్ల ఎత్తు అను వివరములను ఒకరితో ఒకరు మాట్లాడుకొనక ముందే వ్రాసుకొనవలెను. "ఏమిటి" అను గడిని చివరకు విడువవలెను. రెండు కాగితములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో, ఎంతవరకు చూచినది, ఎక్కడినుండి ఊహించినది వారికే తెలియును.