ఆట లేదు... పొద్దు పోదు!

ఏడాదిలో ఆర్నెల్లు రోజూ ఆటే. మరి మిగతా రోజులు? అమెరికాలో బేస్‌బాల్ వీరాభిమానిని ఈ ప్రశ్న అడిగితే కన్నీళ్లొక్కటే తక్కువ. ఆ ఖాళీ రోజుల్ని గడపడానికి వాళ్లు పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఆ పాట్లలోంచే కొత్త ఆటలు పుట్టాయి, ఓ శాస్త్రం పుట్టింది. ఓ నగరమైతే అలాంటి ఖాళీలోనే తన జట్టుని పోగొట్టుకుంది.

మన క్రికెట్ అభిమానికి ఆట లేని రోజులు అలవాటే. ఒక సిరీస్ అయ్యాక ఇంకోటి వచ్చేదాకా ఓపిక పడతాడు. బేస్‌బాల్ సంగతి వేరు. అమెరికాలోని మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. మార్చి చివర్లో మొదలుపెట్టి సెప్టెంబరు చివరికల్లా ఒక్కో జట్టూ ఆడే మ్యాచ్‌లెన్నో తెలుసా? 162! అంటే వారానికి ఇంచుమించు ఆరు. వరసగా 20 రోజులకు మించి ఆడించకూడదని ఆటగాళ్లతో ఒప్పందం ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ కాస్త విశ్రాంతీ ఉండేది కాదేమో.

అందుకే అక్కడి అభిమానికి ఆట అంటే పండగ కాదు, పొద్దున్నే తాగే కాఫీ. సాయంత్రం వంటింట్లో రేడియో మోగుతుంటుంది, పిల్లలు హోంవర్క్ చేస్తుంటారు, తాతగారు స్కోరు రాసుకుంటుంటారు. గెలిస్తే సంతోషం. ఓడితే... రేపు మళ్లీ ఉందిగా! ఆ 'రేపు మళ్లీ ఉంది' అన్న భరోసాలోనే ఉంది మత్తంతా. జులై మధ్యలో ఆల్‌స్టార్ మ్యాచ్ కోసం లీగ్ ఆటలు మూడునాలుగు రోజులు ఆగితేనే కాలూచెయ్యీ ఆడదు కొందరికి. ఇక అక్టోబరు చివర్లోనో నవంబరు మొదట్లోనో వరల్డ్ సిరీస్ ముగిసిందా... బయట మంచు, లోపల దిగులు.

రోజర్స్ హార్న్స్‌బీ అని పాతకాలం మహా బ్యాటర్ ఉండేవాడు. 1924లో ఆయన సగటు .424. అంటే వెయ్యిసార్లు బ్యాటు పడితే 424 హిట్ల లెక్కన కొట్టాడన్నమాట. చలికాలంలో ఆట లేనప్పుడు ఏం చేస్తుంటారని జనం అడుగుతుంటే, కిటికీలోంచి బయటికి చూస్తూ వసంతం కోసం ఎదురుచూస్తుంటానని చెప్పాడట. నిజమే అయ్యుంటుంది. కళ్లు పాడైతే బంతి కనపడదన్న భయంతో ఆయన సినిమాలు చూసేవాడు కాదు, పుస్తకాలు చదివేవాడు కాదు మరి!

పొయ్యి చుట్టూ రచ్చబండ

కిటికీ దగ్గర కూర్చోలేనివాళ్లు కబుర్లలో పడతారు. పూర్వం పల్లెటూరి దుకాణాల్లో చలికాచుకునే పొయ్యి ఒకటుండేది. దాని చుట్టూ చేరి, ఎవరు ఏ జట్టుకి పోతారు, ఎవర్ని అమ్మేస్తారు, ఎవరి పని అయిపోయింది అని తెగ వాదించుకునేవారు. అలా ఆ కబుర్లకు 'హాట్ స్టవ్ లీగ్' అని పేరొచ్చింది. మన రచ్చబండే! పొయ్యిలు పోయాయిగానీ పేరు మిగిలింది.

ఆ కబుర్లు ఎంత దూరం పోతాయో 2023 డిసెంబరులో చూడాలి. జపాన్ ఆటగాడు షోహెయ్ ఒహ్తాని ఏ జట్టులో చేరతాడా అని అభిమానులు గోళ్లు కొరుక్కుంటున్నారు. డిసెంబరు 8న దక్షిణ కాలిఫోర్నియా నుంచి టొరంటోకి ఓ ప్రైవేటు విమానం బయల్దేరిందని పుకారు పుట్టింది. అందులో ఉన్నది ఒహ్తానియే అన్నారు. అంతే! వేలమంది కంప్యూటర్ల ముందు కూర్చుని, పటం మీద పాకుతున్న ఆ చిన్న విమానం బొమ్మని గంటల తరబడి కళ్లార్పకుండా చూశారు. తీరా అది దిగాక అందులోంచి బయటికొచ్చింది... రాబర్ట్ హెర్జవెక్ అనే కెనడా వ్యాపారవేత్త! మర్నాడు ఒహ్తాని లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కి పదేళ్లు, 70 కోట్ల డాలర్ల లెక్కన ఒప్పుకున్నాడు. టొరంటో అభిమానులకి ఆ చలికాలం ఎలా గడిచుంటుందో ఊహించుకోండి.

పాచికలతో సీజన్

కబుర్లతో తృప్తిపడని వాళ్లు ఏకంగా ఆటనే ఇంట్లో సృష్టించుకుంటారు. న్యూయార్క్ ప్రాంతానికి చెందిన హాల్ రిచ్‌మన్ పదకొండేళ్ల వయసులోనే పాచికలతో ఓ బేస్‌బాల్ ఆట తయారుచేశాడు. ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు. కిందటి ఏడాది మైదానంలో అతను నిజంగా ఎలా ఆడాడన్న లెక్కలన్నీ ఆ కార్డులో ఉంటాయి. మూడు పాచికలు వేస్తే, ఒకటి బ్యాటర్ కార్డు చూడాలో బౌలింగ్ వేసే పిచర్ కార్డు చూడాలో చెబుతుంది. మిగతా రెండింటి మొత్తం ఫలితం చెబుతుంది. పెద్దయ్యాక, 1961లో, దాన్ని 'స్ట్రాట్-ఓ-మ్యాటిక్' పేరుతో అమ్మకానికి పెట్టాడు. మొదట్లో నష్టాలే. తండ్రి దగ్గర అప్పు తీసుకున్నాడు. ఈసారీ మునిగితే బుద్ధిగా ఇన్సూరెన్స్ వ్యాపారంలో చేరాలన్నది నాన్నగారి షరతు! అదృష్టం... ఆ అవసరం రాలేదు. ఏటా చలికాలంలో కొత్త కార్డులు వచ్చే రోజున గ్లెన్ హెడ్‌లోని ఆ కంపెనీ ముందు ఎముకలు కొరికే చలిలో క్యూలు కట్టేవారు అభిమానులు.

1981లో ఆ పాచికలకు మరో యోగం పట్టింది. జూన్ 12న ఆటగాళ్లు సమ్మెకు దిగారు. మొత్తం 713 మ్యాచ్‌లు గాల్లో కలిశాయి. జులై 14న క్లీవ్‌లాండ్‌లో జరగాల్సిన ఆల్‌స్టార్ మ్యాచ్ లేదు. ఆ రోజున అదే స్టేడియంలో పాచికలేసి ఆ మ్యాచ్ 'ఆడేశారు'! అసలుది ఆగస్టు 9న జరిగితే 72 వేలమందికి పైగా వచ్చారు. ఆకలి అలాంటిది.

'ఆన్ ది రోడ్' నవల రాసిన జాక్ కెరువాక్ గుర్తున్నాడా? దేశమంతా తిరిగిన ఆ దిమ్మరికి ఓ రహస్య వ్యసనం ఉంది. చిన్నప్పుడే గోళీలు, పుల్లలు, రబ్బరు ముక్కలతో సొంత బేస్‌బాల్ లీగ్ కనిపెట్టాడు. జట్లకు కార్ల పేర్లు పెట్టాడు. లేని ఆటగాళ్లకు పేర్లు, జీతాలు... జరగని మ్యాచ్‌ల గురించి పత్రికా వార్తలు కూడా తనే రాసుకున్నాడు. పెద్దయ్యాకా మానలేదు. దగ్గరి స్నేహితులకి కూడా చెప్పలేదట. ఆ కాగితాలన్నీ న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.

కాపలాదారు లెక్కలు

కాన్సాస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊళ్లో ఓ క్యానింగ్ ఫ్యాక్టరీ. అక్కడ రాత్రి కాపలాదారు బిల్ జేమ్స్. దొంగలు రారు, తెల్లారదు. ఏం చేయాలి? పాత మ్యాచ్‌ల స్కోర్లు ముందేసుకుని లెక్కలు మొదలుపెట్టాడు. అందరూ గొప్పవాడంటున్న ఆటగాడు నిజంగా గొప్పవాడేనా? ఏ మైదానంలో పరుగులెక్కువ, ఎందుకు? 1977లో ఆ లెక్కలన్నీ పుస్తకంగా వేసి తనే అమ్ముకున్నాడు. అమ్ముడైనవి 75 కాపీలు! కానీ ఆ లెక్కలే తర్వాత్తర్వాత 'సేబర్‌మెట్రిక్స్' అనే శాస్త్రమయ్యాయి. 2003లో బోస్టన్ రెడ్‌సాక్స్ ఆయనకి ఉద్యోగమిచ్చింది. మర్సటేడాదే ఆ జట్టు 86 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది. అంతా ఆయన పుణ్యమే అనలేంగానీ, పొద్దుపోని కాపలాదారు అంతదూరం వెళ్లడం మాత్రం ముచ్చటే.

మూడు హిట్ల దూరంలో...

చలికాలం ఖాళీ ఎంత బాధపెట్టినా వసంతం వస్తుందని తెలుసు. అసలు భయం సమ్మెలతోనే. 1994 ఆగస్టు 12న, సీజన్ మంచి ఊపులో ఉండగా, జీతాలపై పరిమితి గొడవతో ఆట ఆగిపోయింది. 232 రోజులు! రెండు ప్రపంచయుద్ధాలూ ఆపలేని వరల్డ్ సిరీస్ 1904 తర్వాత మొదటిసారి జరగలేదు. శాన్ డియేగో ఆటగాడు టోనీ గ్విన్ అప్పటికి 419 సార్లు బ్యాటు పట్టి 165 హిట్లు కొట్టాడు. సగటు .394. మరో మూడు హిట్లు ఉంటే .400 దాటేవాడే. 1941 తర్వాత పూర్తి సీజన్‌లో ఎవరికీ దక్కని ఘనత అది. మిగిలిన 45 మ్యాచ్‌లు ఆడుంటే ఏమయ్యేదో అని అభిమానులు ఇప్పటికీ తల పట్టుకుంటారు.

అంతకన్నా పెద్ద దెబ్బ కెనడాలోని మాంట్రియల్‌కి. ఆట ఆగే నాటికి 74 గెలుపులు, 40 ఓటములతో ఎక్స్‌పోస్ జట్టే అందరికన్నా ముందుంది. తొలి వరల్డ్ సిరీస్ చేతికందబోతోందని ఊరంతా ఎదురుచూస్తోంది. సమ్మె ముగిసేసరికి డబ్బుల్లేవని మేటి ఆటగాళ్లని యాజమాన్యం వదిలేసుకుంది. జనం మనసు విరిగింది. స్టేడియం నానాటికీ ఖాళీ అయింది. 2004తో అక్కడ ఆట ముగిసింది. 2005లో జట్టు వాషింగ్టన్‌కి తరలిపోయింది. 2019లో అక్కడ వరల్డ్ సిరీస్ గెలిచింది కూడా... పేరు మారింది, ఊరు మారింది. మాంట్రియల్‌ అభిమానికి 1994 ఆగస్టుతో మొదలైన సెలవు ఇంకా ముగియలేదు.

మిగతా ఊళ్లలోనూ కోపం తక్కువేం కాదు. 1995లో ప్రేక్షకులు అయిదో వంతు తగ్గిపోయారు. న్యూయార్క్‌లో ముగ్గురు కుర్రాళ్లు 'దురాశ' అని రాసిన చొక్కాలు వేసుకుని మైదానంలోకి దూకి ఆటగాళ్ల మీద డాలర్ నోట్లు విసిరారు. 2021 డిసెంబరు నుంచి యజమానులు వేసిన తాళం 99 రోజులకు తీశారుగానీ, అప్పుడు కుదిరిన ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1. ఆ తేదీ తల్చుకుంటేనే వీరాభిమానికి గుండె గుబేల్!

అర్ధరాత్రి కొరియా ఆట

2020లో కరోనా దెబ్బకి సీజన్ జులై 23 దాకా మొదలవలేదు. అయితేనేం, భూమికి అవతలి వైపు ఆట నడుస్తోందిగా! తైవాన్‌లో ప్రేక్షకుల బదులు సీట్లలో బొమ్మలు పెట్టి ఆడుతుంటే ఇక్కడ చూశారు. మే 5న కొరియా లీగ్ మొదలైంది. అమెరికా తూర్పుతీరంలో అప్పుడు రాత్రి ఒంటిగంట. ఇంట్లోవాళ్లు నిద్రలో ఉండగా టీవీ శబ్దం తగ్గించుకుని, పేర్లు పలకడం రాని ఆటగాళ్లకి చప్పట్లు కొట్టారు. ఉత్తర కెరొలైనా వాళ్లయితే ఎన్‌సీ డైనోస్ అనే జట్టుని సొంతం చేసుకున్నారు. ఎందుకో తెలుసా? ఇంగ్లిషులో వాళ్ల రాష్ట్రం పొట్టిపేరు కూడా ఎన్‌సీయే! జట్టు పేరులోని ఎన్‌సీ ఓ కంప్యూటర్ గేముల కంపెనీది. అయినా ఎవరిక్కావాలి? ఆ ఏడాది కొరియా విజేత కూడా డైనోసే.

లారీకి టాటా!

ఫిబ్రవరి మొదట్లో బోస్టన్ వెళ్తే ఓ వింత చూడొచ్చు. ఫెన్వే పార్క్ స్టేడియం పక్కన పెద్ద లారీ ఆగి ఉంటుంది. వేల బంతులు, వందల బ్యాట్లు, హెల్మెట్లు, ఆటగాళ్లు నమిలే బబుల్‌గమ్, పొద్దుతిరుగుడు గింజల పెట్టెలు దాన్లోకి ఎక్కిస్తారు. శిక్షణ శిబిరం కోసం ఆ సామానంతా 2,300 కిలోమీటర్లకు పైగా దూరంలో, ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్‌కి వెళ్లాలి. ఆ లారీలో ఒక్క ఆటగాడూ ఉండడు. అయినా పిల్లాపాపలతో, మంకీక్యాపులు, మఫ్లర్లు కట్టుకుని జనం వస్తారు. లోడింగ్ అయ్యేదాకా చలిలో నిలబడతారు. లారీ కదలగానే ఈలలు, చప్పట్లు. మలుపు తిరిగేదాకా చేతులూపి, ఇంటికెళ్లి క్యాలెండర్లో రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెడతారు.