విశ్వవిద్యాలయములలో నాటక విద్య – కోలారు సీమ తెలుగు బిడ్డలు

నాటకమును విశ్వవిద్యాలయమున చదువవచ్చునని చెప్పినచో మా కోలారు సీమలో నేటికిని నవ్వువారే యెక్కువ. వైద్యమునకు కళాశాల కలదు, న్యాయశాస్త్రమునకు కలదు, గనుల శాస్త్రమునకును కలదు; వేషము కట్టి ఆడుటకు కళాశాల యేల యని వారి ప్రశ్న. ఆ ప్రశ్నను నేనును ఒకప్పుడు వేసితిని. అదియు ఒక విద్యార్థిని చదువు నా మాటపై ఆధారపడి యున్న సమయమున వేసితిని. నాటక విద్య యనగా నేమి, అది యెట్లు పుట్టినది, తెలుగు విశ్వవిద్యాలయములలో నెట్లు నెలకొన్నది, సరిహద్దున నున్న మా బిడ్డలకు దానితో పని యేమి యను విషయములను నాకు తెలిసినంతవరకు ఇచట విన్నవించుకొందును.

ముందు ఆ కథ చెప్పవలెను. మాది బంగారు గనుల ఊరు. భూగర్భమున మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు దిగిన చాంపియన్ రీఫ్ గనిలో ఆ బాలిక తాతగారు పనిచేసిరి. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడిన పిదప, ఇక్కడి అనేక కుటుంబములవలెనే ఆ యింటివారును తెల్లవారకమునుపే మారికుప్పము రైలెక్కి బెంగుళూరు పనులకు పోయి, రాత్రికి తిరిగివచ్చు జీవితమున పడిరి. బాలిక మా పాఠశాలలో తెలుగు మాధ్యమమున చదివినది. వార్షికోత్సవములలో వేషము కట్టుటకంటె, ఎవరెక్కడ నిలువవలెను, తెర యెప్పుడు దింపవలెను అను విషయములందే ఆమెకు ఆసక్తి మెండు. బి.ఎస్‌సీ. ముగిసిన తరువాత హైదరాబాదున రంగస్థల కళల కోర్సునకు ప్రవేశపరీక్ష వ్రాయుదునని పట్టుపట్టినది. తండ్రి నాయొద్దకు వచ్చి, “అయ్యవారూ, నాటకానికి గూడా కాలేజీ ఏంది? మీ మాటయితే వింటాది, మీరే చెప్పండి” అనెను. నేను చెప్పితిని. బి.ఎడ్. చేయుమంటిని. ఆమె అట్లే చేసినది. నేడొక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెప్పుచున్నది. నన్నెన్నడును నిందింపలేదు. ఆ విద్యను గూర్చి ఏమియు తెలియకయే సలహా నిచ్చితినన్న సంగతి, తరువాత చదువగా చదువగా నాకే తెలియవచ్చినది.

నాటక సాహిత్యమును కళాశాలలలో పాఠముగా చెప్పుట పాత సంగతి. మనము శాకుంతలమును చదివితిమి, కన్యాశుల్కమును చదివితిమి. ప్రశ్నలకు సమాధానములు వ్రాసి ఉత్తీర్ణులమైతిమి. నాటకమును నిర్మించుట పాఠమగుట వేరు. అమెరికా దేశమున హార్వర్డు విశ్వవిద్యాలయములో జార్జి పియర్సు బేకరు అను ఆచార్యుడు నాటక రచనను బోధించెడివాడు. కాగితముపై నున్న నాటకము మంచిదో చెడ్డదో కాగితమును చూచి నిర్ణయింప వీలులేదనియు, దానిని ఆడించి, చూచువారి యెదుట పెట్టి, మరల దిద్దవలెననియు ఆయన గ్రహించెను. అందుకై 1912 ప్రాంతమున ఆ తరగతికి అనుబంధముగా ఒక ప్రయోగశాలను నెలకొల్పెను. తరువాతి కాలమున నోబెల్ బహుమతి నందిన యూజీన్ ఓనీలు 1914లో ఆ తరగతిలో చేరినవాడే. అయినను తగిన రంగశాలను కట్టించి యిచ్చుటకు హార్వర్డువారు అంగీకరింపలేదు. నాటకమునకు పట్టము లేలయను శంక మా ఊరివారికే కాదు, అట్టి మహావిద్యాపీఠమునకును కలిగినది! బేకరు 1925లో యేలు విశ్వవిద్యాలయమునకు వెడలిపోయెను. ఈలోగా 1914లోనే పిట్స్‌బర్గు నగరమున కార్నెగీ సంస్థ నాటక విద్యకు పట్టము నిచ్చుట ప్రారంభించినది.

బేకరుతోపాటు యేలునకు వచ్చిన స్టాన్లీ మెకాండ్లెసు అను నతని గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. నా అజ్ఞానము తొలగినది అతని వలననే. రంగస్థలముపై దీపముల యమరికను విశ్వవిద్యాలయమున క్రమమైన పాఠముగా బోధించిన మొదటివారిలో అతడొకడు. తన పద్ధతిని 1932లో గ్రంథముగా ప్రకటించెను. అందలి మూలసూత్ర మిది: నటుని ముఖమునకు ఎదురుగా ఎడమనుండి యొక దీపము, కుడినుండి యొక దీపము, రెండును సుమారు 45 డిగ్రీల కోణమున పైనుండి పడవలెను; ఒకటి వెచ్చని పసుపు ఛాయ గలదిగను, రెండవది చల్లని నీలి ఛాయ గలదిగను ఉండవలెను. అప్పుడు ముఖము పలకవలె చదునుగా కనబడక, ముక్కును చెక్కిళ్ళును ఏర్పడి జీవముతో కనబడును. మా పాఠశాల వార్షికోత్సవములలో మేము చేయుచుండిన దేమనగా, నడినెత్తిపై ఒక పెద్ద బల్బు వ్రేలాడగట్టుట. దాని వలన కనుగుంటలలో నీడ పడి, ప్రతి బాలుడును, రాముడైనను రావణుడైనను, కన్నులు లేనివానివలె కనబడెడివాడు. పిల్లలకు అభినయము రాదని మేము విసుగుకొంటిమి. దోషము దీపమునది!

ఇందొక విచిత్రము కలదు. శివసముద్రమునుండి సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగలు లాగి, 1902లో మా గనులకు విద్యుత్తును తెచ్చిరి. బెంగుళూరు నగరమునకు అది 1905లో గాని రాలేదు. విద్యుత్తు ఇంత ముందుగా వచ్చిన ఊరిలో, శతాబ్దము గడచినను, దీపమును ఎక్కడ పెట్టవలెనో మాకు తెలియలేదు. అయితే చదువురాని కేళికవారికి తెలియును. ఇరుప్రక్కల ఎదురుగా దివిటీలు పట్టించి, వేషగాని ముఖముపై వెలుగు పడునట్లు వారు చూచుకొనెడివారు. ఆ దివిటీ వెలుగునకే భుజకీర్తులందలి అద్దపు తునకలు తళుక్కుమనెడివి.

కేళిక యనునది మా ప్రాంతపు బయలాట. కోలారు జిల్లాలోను, 2007లో దానినుండి విడివడిన చిక్కబళ్ళాపురము జిల్లాలోను, పల్లెలలో కన్నడమునను తెలుగునను దీనిని ఆడుదురు. పంట పనులు ముగిసిన వెనుక మేష్టరొకడు ఊరికి వచ్చి, నెలల తరబడి రైతుబిడ్డలకు పద్యములు, అడుగులు, వచనములు నేర్పును. ఆట రాత్రియంతయు సాగును. నేర్పువాడు, నేర్చువారు, అభ్యాసము, చివర పదిమంది యెదుట పరీక్ష—విద్యకు కావలసిన అంగములన్నియు ఇందు కలవు. లేనిది వ్రాతమూలమైన సంప్రదాయము. మేష్టరు గతించినచో అతని అడుగులును అతనితోనే పోవును. ఇట్టి పోకను ఇటీవలి కాలమున మేము కన్నులార చూచుచున్నాము. విశ్వవిద్యాలయమున శిక్షణ పొందినవారు ఆ అడుగులను చిత్రించి, తాళమును గుర్తించి, మరల ఆడించి చూపగలరు. నాటక విద్య మా సీమకు ఎందులకని అడుగువారికి నేను మొదట చెప్పు సమాధాన మిదియే.

ఇక తెలుగువారి సంగతి. ఆధునిక తెలుగు నాటకమునకు పుట్టినిండ్లలో బళ్ళారి యొకటి. 1953 వరకు మదరాసు రాష్ట్రమున నుండి, పిదప మైసూరులో చేరిన ఆ పట్టణమున ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) సరసవినోదినీ సభను స్థాపించి నాటకములాడించిరి. ఆయన మేనల్లుడే బళ్ళారి రాఘవ (1880–1946). న్యాయవాది వృత్తి చేయుచు తెలుగు, కన్నడ, ఆంగ్ల, హిందీ నాటకములలో నటించిరి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని ప్రోత్సహించిరి. వీరెవ్వరును నాటకమును విద్యాలయమున నేర్చినవారు కారు. కాని రెండు భాషల నడుమ పుట్టి పెరుగుట నటునకు లోపము కాదనుటకు రాఘవగారి జీవితమే చాలును. మా విద్యార్థులకు ఈ మాటను నేను తరచుగా చెప్పుదును.

నాటకము విశ్వవిద్యాలయ ప్రాంగణమున అడుగుపెట్టినది వాల్తేరులో. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రిజిస్ట్రారుగా నుండిన కె.వి. గోపాలస్వామిగారు అచట ప్రయోగాత్మక రంగస్థలమును నెలకొల్పి, కళాశాలల మధ్య నాటక పోటీలను నడపించిరి. ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నుండిన కవి అబ్బూరి రామకృష్ణారావుగారు నాటక ప్రయోగమునందు అంతటి శ్రద్ధాళువు. ఒకరు కార్యాలయోద్యోగి, మరియొకరు గ్రంథాలయోద్యోగి. నాటకాచార్యులు ఇంకను లేని కాలమది. తరువాత అచటనే రంగస్థల కళలు పాఠ్యాంశమైనవి. హైదరాబాదున 1985లో తెలుగు విశ్వవిద్యాలయము ఏర్పడినది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములో 1988లో సరోజినీ నాయుడు కళాపీఠము వెలసినది. రెండింటను రంగస్థల కళలలో స్నాతకోత్తర విద్య కలదు. ఆంగ్లోపాధ్యాయులుగా ప్రారంభించి రంగస్థల శాస్త్రమునకు జీవితము నర్పించిన మొదలి నాగభూషణశర్మగారు (1935–2019) కేంద్రీయ విశ్వవిద్యాలయమున ఆ శాఖాచార్యులుగా నుండిరి.

ఈ తరగతులలో జరుగునదేమి? పద్యమును గొంతెత్తి పాడుటయే నటనయని తలచువాడు మొదటి నెలలోనే ఆశ్చర్యపడును. చాలదినములవరకు అతనికి సంభాషణయే ఇయ్యరు. నడువుము, నిలువుము, తలుపు తెరచి లోనికి రమ్ము అందురు. ఊపిరిని పొట్టనుండి తీయుట నేర్పుదురు. హార్మోనియము శ్రుతికి అందుకొనలేక గొంతు చించుకొని, మరునాడు మాటరాక కూర్చుండు మన పౌరాణిక నటులను చూచినవారికి ఈ పాఠము విలువ తెలియును. నాట్యశాస్త్రమును, గ్రీకుల నాటకమును చదివింతురు. కొయ్యపని, రంగులు, కుట్టుపని, దీపములు, ముఖాలంకరణము—అన్నియు చేతితో చేయవలెను. నాయకుని వేషము వేసినవాడే తరువాతి నాటకమున మేకులు కొట్టవలసి వచ్చును. చివర ప్రతి విద్యార్థియు ఒక ప్రదర్శనమునకు బాధ్యత వహింపవలెను. గనిలో పనిచేసిన కుటుంబములవారికి ఇది సులభముగా బోధపడును. పంజరము దింపువాడు, పంపు నడపువాడు, ఆసరాలు బిగించువాడు లేక తవ్వువాడొక్కడే బంగారమును తీయలేడని వారెరుగుదురు.

మా బిడ్డలకు కన్నడ ద్వారమును తెరచియే యున్నది. కె.వి. సుబ్బణ్ణగారి నాయకత్వమున సాగర తాలూకా హెగ్గోడు గ్రామములోని నీనాసం 1980లో నాటక విద్యాలయమును ప్రారంభించినది. ఒక పల్లెలో, వక్కతోటల నడుమ, ఒక సంవత్సరపు శిక్షణ! ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయము 1959లో పుట్టినది. దాని శాఖ బెంగుళూరులోను కలదు. మా కోలారు కొండపై తేరహళ్ళి యొద్ద కోటిగానహళ్ళి రామయ్యగారు స్థాపించిన ఆదిమ సంస్థలో పున్నమి రాత్రుల ప్రదర్శనములు జరుగుచు వచ్చినవి. పట్టము లేకున్నను, మా పిల్లలు నాటకమును దగ్గరగా చూచుటకు అది చాల ఉపకరించినది.

తెలుగు బాలుడు కన్నడమున నాటకము నేర్చినచో తెలుగునకు నష్టముకదాయని మా సంఘమున పెద్దలొకరు నన్నడిగిరి. నేనట్లు తలపను. కన్నడిగుడైన బి.వి. కారంతుగారు, జాతీయ నాటక విద్యాలయమున చదివి, తరువాత దానికే అధ్యక్షులైనవారు, 1990ల దశకమున హైదరాబాదునకు వచ్చి సురభివారితో పనిచేసిరి. 1885లో కడప మండలమునందు మొదలై తరతరములుగా వచ్చిన కుటుంబ నాటక సమాజమది. వారిచేత ఆయన ఆడించిన వానిలో జర్మను నాటకకర్త బ్రెహ్ట్ రచనకు అనుసరణమైన ‘బస్తీ దేవత యాదమ్మ’ యొకటి. కన్నడిగుని విద్య, తెలుగు కుటుంబముల శరీరములలో నిలిచిన శతాబ్దపు అభ్యాసము, జర్మను కథ—మూడును ఒకే వేదికపై కలిసినవి.

భాష విషయమున నా తప్పొకటి యున్నది. మా పిల్లల యింటి తెలుగులో ఊట, కెలసము వంటి కన్నడ పదములును, తమిళపు యాసయు దొర్లును. నాటికలు వేయించునపుడు వానినన్నింటిని ఏరిపారవేసి పుస్తకపు తెలుగును పలికించితిని. (ఈ వ్యాసమున నేను వ్రాయు తెలుగును చూచి నాపై నవ్వుకొనువారు నవ్వుకొనవచ్చును.) పిల్లలు తప్పు లేకుండ పలికిరి, కాని కొయ్యబొమ్మలవలె పలికిరి. నటునకు తన నోటిలో పుట్టిన పలుకే మొదటి సాధనమని నాటక విద్యాలయములలో బోధింతురని తెలిసినపుడు నాకు సిగ్గు కలిగినది.

జీవనోపాధి సంగతి దాచిపెట్టుట న్యాయము కాదు. ఈ చదువు చదివినవారందరికి ఉద్యోగములు సిద్ధముగా లేవు. కర్ణాటక ప్రభుత్వము తన ఉన్నత పాఠశాలలు కొన్నింట నాటకోపాధ్యాయులను నియమించినది, కొందరు చలనచిత్రములకు, దూరదర్శనమునకు పోవుదురు, కొందరు పిల్లల శిబిరములు నడపుదురు, మరికొందరికి కష్టమే. డిగ్రీ చదివి మారికుప్పము రైలులో నిలుచుండి పోవువారికిని కష్టమే యని చెప్పి, నిర్ణయమును ఇంటివారికి విడుచుట ఉపాధ్యాయుని ధర్మమని యిప్పుడు నా అభిప్రాయము. ఆనాడు ఆ పని చేయనైతిని.

ఈ సంవత్సరము మరియొక విద్యార్థి, మా పాఠశాలలో చదివి బంగారుపేటలో డిగ్రీ ముగించినవాడు, దరఖాస్తు పట్టుకొని వచ్చెను. తల్లియు వెంట వచ్చినది. ఏ భాషలో చెప్తారు, తిండీ పడకా ఎక్కడ, ఎన్నేండ్లు అని ఆమె మూడే ప్రశ్నలు వేసినది. మూడింటికిని ఈసారి నాయొద్ద సమాధానములు కలవు. ఎంపిక సమయమున ఏదైనను అభినయించి చూపవలెను గనుక, శ్రీనివాసపురము తాలూకాలో కేళిక మేష్టరుగా నుండిన తన తాతయొద్ద నేర్చిన భీముని ప్రవేశమును అతడు సిద్ధపరచుకొనుచున్నాడు. సాయంకాలము బడి వదలిన తరువాత మా తరగతి గదిలోనే అభ్యాసము. లెక్కలు చెప్పు ఆ పూర్వ విద్యార్థిని వచ్చి, బెంచీలు ప్రక్కకు జరిపించి, కిటికీ వెలుగు ముఖముపై పడునట్లు అతనిని నిలువబెట్టినది. తాత నేర్పిన వచనములో కన్నడ పదములు నాలుగైదు కలవు. వానిని నేను దిద్దలేదు.