యూరియాకు పెద్దపీట, సున్నానికి మొండిచెయ్యి

న్యూఢిల్లీ: ఎరువుల సబ్సిడీ ప్రస్తావన వచ్చినప్పుడల్లా పార్లమెంటులో వేడి పుడుతుంది. పన్నులు, వేపపూత ఖర్చు కాక 45 కిలోల యూరియా బస్తాకు 2018లో నిర్ణయించిన 242 రూపాయల ధర సభ్యులకు కంఠతా వచ్చు. కాని తూర్పు, ఈశాన్య రాష్ట్రాలలోని అనేక చేలకు ఆ బస్తా కంటే ముందుగా చేరవలసినది మరొకటి ఉన్నది. అది సున్నం. దాని ఊసెత్తేవారు అరుదు.

దేశంలో ఆమ్ల నేలలు దాదాపు 4.9 కోట్ల హెక్టార్లని శాస్త్రజ్ఞుల అంచనా. వీటిలో సుమారు సగం తీవ్రమైన ఆమ్ల నేలలే, వాటి పి.హెచ్. విలువ 5.5కు లోపు. అస్సాం, మేఘాలయ, జార్ఖండ్, ఒడిశా, కేరళలలో ఇవి విస్తారం. భారీ వర్షాలు కాల్షియం, మెగ్నీషియంలను కడిగివేయగా మట్టి పులిసిపోతుంది. అల్యూమినియం కరిగి వేళ్ళను కుంగదీస్తుంది. వేసిన భాస్వరం మట్టిలోనే బందీ అవుతుంది. పప్పుధాన్యాల వేరుబుడిపెలు ఎదగవు. ఏటేటా వేసే యూరియా ఈ పులుపును మరికొంత పెంచుతుంది.

ఏ సున్నం వాడాలి? సున్నపురాతి పొడి నిదానంగా పనిచేసినా క్షేమకరం. మెత్తదనాన్ని బట్టి దాని చురుకు. మెగ్నీషియం కూడా లోపించిన నేలకు డోలమైటు మేలు. స్వచ్ఛమైన సున్నపురాతి పొడి 100 కిలోలు చేసే పనిని తడిపిన సున్నం 74 కిలోలు చేస్తుంది. జిప్సం చౌడు నేలకు మందు. పులుపును విరిచే గుణం దానికి లేదు. హెక్టారుకు టన్నుల కొద్దీ చల్లడం కొండప్రాంతపు పేదరైతుకు అలవికానిది. అందుకే ప్రతి పంటకూ విత్తే సాళ్ళలో 2 నుంచి 4 క్వింటాళ్ళు వేసే పద్ధతిని శాస్త్రజ్ఞులు సూచించారు. యూరియాతో కలిపి మాత్రం వేయరాదు. నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది. మన నల్లరేగడిలో సాధారణంగా సున్నం సమృద్ధి. అక్కడ ఇంకా వేస్తే జింకు, ఇనుము పైరుకు అందవు. కనుక మట్టి పరీక్ష ముందు, సున్నం తరువాత.

ఇక రాజకీయం. చౌడు నేలల కోసం కేంద్రం 1969లో కర్నాల్ సంస్థను నెలకొల్పింది. పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో సబ్సిడీపై జిప్సం అందించి లక్షల హెక్టార్లను సాగులోకి తెచ్చారు. అది మెచ్చదగిన కృషి. ఆమ్ల నేలలకు కూడా కొన్ని పథకాలలో సహాయం లేకపోలేదు. అంతటి పట్టుదల మాత్రం కానరాలేదు.

మేఘాలయ సంగతి చూడండి. అక్కడి కొండలలో సున్నపురాయి అపారం. అది 17 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు మీద సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోని ఛాతక్ సిమెంటు కర్మాగారానికి చేరే ఏర్పాటు జరిగింది. ఆ కర్మాగారంలో ఉత్పత్తి 2006లో మొదలైంది. గని వివాదం సుప్రీంకోర్టుకెక్కగా 2011లో అనుమతి లభించింది. పొరుగు దేశంతో వాణిజ్యం తప్పుకాదు. కాని ఆ రాయి పొడిగా మారి పక్క ఊరి చేనుకు చేరడానికి అంత చక్కని ఏర్పాటు ఎందుకు ఉండరాదు?

2015లో ప్రారంభించిన భూసార కార్డు పి.హెచ్. విలువను తెలుపుతుంది, అవసరమైతే సున్నం వేయమనీ చెబుతుంది. కాని కాగితం మట్టి పులుపును విరవదు. గనుల చెంత పొడిమరలు, రవాణాకు రాయితీ, తొలకరికి ముందే సహకార సంఘాలలో నిల్వలు కావాలి. వైద్యుడు చీటీ రాసి ఊరుకుంటే, ఊరిలో మందే దొరకకపోతే, రోగికి ఒరిగేదేమిటి?